కార్బన్ ఫిల్టర్ పెట్టించేటప్పుడు వినకూడని మాటలు

"మోటారు పైపుకే బిగించేద్దాం అక్కా, ట్యాంకులోకే మంచి నీళ్లు ఎక్కుతాయి." హైదరాబాద్‌లో ఇల్లంతటికీ కార్బన్ ఫిల్టర్ పెట్టించుకుందామనుకున్న వాళ్లకి ముందుగా దొరికే సలహా ఇదే. వినడానికి బాగానే ఉంటుంది. పైపు పని తక్కువ, మోటారు తోసే ప్రెషర్ ఎలాగూ ఉంది, ఒక్కచోట పెడితే అన్ని నల్లాలకీ సరిపోతుంది. మా ఇంట్లో మొదట అలాగే బిగించారు. రెండో నెలలో మేడమీద ట్యాంకు మూత తీసి లోపలి గోడని వేలితో రాస్తే, వేలికి జిగురు అంటింది. అంతకుముందు ఏడాదికోసారి కడిగినప్పుడు కూడా ఆ పొర ఎప్పుడూ చూడలేదు.

నల్లా నీళ్లలో బ్లీచింగ్ వాసన మనకి నచ్చదు గానీ, ఆ నీళ్లకి కాపలా అదే. తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం, క్లోరిన్ కలిపి పంపే నీళ్లు మన ఇంటికి చేరేసరికి లీటరుకి కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ వాటిలో మిగిలి ఉండాలి. కార్బన్ చేసే మొట్టమొదటి పని ఆ క్లోరిన్‌ని తీసెయ్యడం. తీసేశాక ఆ నీళ్లు మన ట్యాంకులో ఒక రోజు, మనం ఊరెళితే వారం రోజులు, కాపలా లేకుండా నిలవుంటాయి. అందుకే నా మాట వినండి: సంపులో క్లోరిన్ ఉండనివ్వండి, మేడమీద ట్యాంకులోనూ ఉండనివ్వండి. ట్యాంకు నుంచి కిందికి దిగే పైపు మీద, నల్లాలకి ముందు ఫిల్టర్ పెట్టించండి.

ఆ మాట అనగానే రెండో సలహా వస్తుంది: "అలా పెడితే నీళ్లు సన్నగా వస్తాయండీ." ఇందులో నిజముంది. షవరుకి పదడుగుల ఎత్తున ట్యాంకు ఉంటే వచ్చే ప్రెషర్ 0.3 బార్ మాత్రమే. మందపాటి బొగ్గు పొరలోంచి దిగేసరికి అందులో మిగిలేది చాలా తక్కువ. దానికి మందు ఫిల్టర్‌ని మోటారు పైపు మీదికి మార్చడం కాదు, ట్యాంకుకీ ఫిల్టర్‌కీ మధ్య చిన్న ప్రెషర్ పంపు పెట్టడం. ఎలాగూ పొరని కింది నుంచి పైకి ఎత్తి కడిగే బ్యాక్‌వాష్‌కి కూడా ఆ పంపు కావాలి. ఆ ఖర్చు దండగ అనే వాళ్ల మాట పట్టించుకోకండి. ఫిల్టర్ పక్కనే మూడు వాల్వులతో బైపాస్ కూడా పెట్టమని గట్టిగా అడగండి. అది లేకపోతే రిపేరు వచ్చిన రోజు ఇల్లంతా నీళ్లు బంద్.

సైజు దగ్గర కూడా తొందర పెడతారు. "పదంగుళాల సిలిండర్ చాలు, ఎంత పెద్ద మోటారైనా తట్టుకుంటుంది." తట్టుకోవడం వేరు, పని చెయ్యడం వేరు. పదంగుళాల వెడల్పు, 54 అంగుళాల ఎత్తు ఉన్న సిలిండర్‌లో సుమారు నలభై లీటర్ల కార్బన్ పడుతుంది. గంటకి వెయ్యి లీటర్ల చొప్పున నీళ్లు వెళితే రెండు నిమిషాలకి పైగా బొగ్గుతో కలిసి ఉంటాయి. మా మోటారు వెయ్యి లీటర్ల ట్యాంకుని ఇరవై నిమిషాల్లో నింపుతుంది. అంటే గంటకి మూడు వేల లీటర్లు, ఆ వేగానికి యాభై సెకన్లు కూడా దక్కవు. వాసనా రంగూ తెచ్చే పదార్థాలు బొగ్గు లోపలి సన్నని రంధ్రాల్లోకి వెళ్లి అతుక్కోవడానికి సమయం పడుతుంది. ఆ రంధ్రాల గోడలన్నీ పరిస్తే ఒక్క గ్రాము కార్బన్‌కి దాదాపు వెయ్యి చదరపు మీటర్లు, అంటే పది గుంటల నేల వస్తుంది. కొబ్బరి చిప్పల్ని కాల్చి, బాగా వేడి ఆవిరి పట్టిస్తే గానీ అంత నేల తయారు కాదు. "కట్టెల బొగ్గు దంచి వేసుకోండి, అదీ ఇదీ ఒకటే" అనే పెద్దవాళ్ల మీద గౌరవం ఉంచుకునే చెబుతున్నాను, ఒకటి కాదు.

బిగించే రోజు తొందర ఇంకా ఎక్కువ. కొత్త కార్బన్ సిలిండర్‌లో పోసి నీళ్లు వదిలితే లోపలి గాలి బుడగలై పైకి వస్తూ చాలాసేపు సన్నగా బుసబుసమంటుంది. రాత్రంతా నాననివ్వాలి. పొద్దున్నే బ్యాక్‌వాష్ చేస్తే మొదట సిరాలాంటి నీళ్లు, తర్వాత బూడిద రంగువి, చివరికి తేటవి. మాకు తేటపడేసరికి గంటకి పైనే పట్టింది. "నాలుగు బకెట్లు పారబోస్తే చాలు" అని వెళ్లిపోయే వాళ్లని ఆపండి, లేకపోతే ఆ నలుపంతా వాషింగ్ మెషీన్లో తెల్లబట్టలకి పడుతుంది. నీళ్లలో మట్టి ఉంటే కార్బన్‌కి ముందు ఇసుక ఫిల్టర్ కూడా ఉండాలి.

అన్నిటికంటే నాకు బాధ కలిగించేది ఇది: "కార్బన్ పెడితే ఇంక అన్నీ పోతాయి." పోవు. గీజర్లో, నల్లాల మీద తెల్లగా పేరుకునే గట్టితనం పోదు, దానికి సాఫ్ట్‌నర్ వేరే ఉంది. టీడీఎస్, అంటే నీళ్లలో కరిగిన లవణాల లెక్క, తగ్గదు. మీటరు ముంచి చూస్తే ఫిల్టర్‌కి ముందూ వెనకా ఒకే అంకె కనిపిస్తుంది, తగ్గించి చూపించే వాళ్లుంటే ఆ నీళ్లు ఎక్కడివో అడగండి. ముఖ్యంగా ఫ్లోరైడ్ పోదు. నల్లగొండ జిల్లాలో ఎముకలు వంగిపోయిన మనుషుల్ని చూసిన రాష్ట్రం మనది. బోరు నీళ్లు వాడే ఇంట్లో పరీక్ష చేయించకుండా కార్బన్ అమ్మే వాళ్లని నేను క్షమించలేను. ఫ్లోరైడ్ లీటరుకి 1.5 మిల్లీగ్రాములు దాటితే ఆ నీళ్లు తాగడానికి పనికిరావు. వాసన ఎంత కమ్మగా ఉన్నా సరే.

బోరు నీళ్లలో క్లోరిన్ అసలే ఉండదు. వాటిని సంపులో కలిపే వాళ్లు వెయ్యి లీటర్లకి రెండున్నర గ్రాముల మంచి బ్లీచింగ్ పౌడర్ కలిపి, గంటసేపు ఉంచి ఎక్కించుకుంటే, కార్బన్ ఆ వాసన తీస్తుంది. తాగే నీళ్లకి మాత్రం వంటింట్లో యూవీనో, మరగబెట్టడమో మానకండి. కార్బన్ పొరలో సూక్ష్మజీవులు కాపురం పెడతాయి, దాటి వచ్చే నీళ్లకి రక్షణ ఉండదు.

ఇక ఎప్పుడు మార్చాలో చెప్పే సలహాలు. "ఎండలో ఆరబెట్టి మళ్లీ వేసుకోవచ్చు." ఎండకి నీరు ఆరుతుంది గానీ, నిండిన రంధ్రాలు ఖాళీ కావు. "ఐదేళ్లు చూడక్కర్లేదు." మీ నీళ్లు ఎలాంటివో తెలియకుండా ఎవరూ అలా చెప్పలేరు. నేను క్లోరిన్ ఉంటే పసుపు రంగు చూపించే ఆర్థోటొలిడిన్ చుక్కల సీసా ఒకటి కొని మేడమెట్ల కింద పెట్టుకున్నాను. నెలకోసారి రెండు గాజు గ్లాసుల్లో నీళ్లు పట్టుకుంటాను: ఒకటి ట్యాంకు నుంచి, ఒకటి ఫిల్టర్ దాటాక. రెండిట్లో చుక్కలు వేసి తెల్లకాగితం ముందు పెట్టి చూసి, వెంటనే పారబోస్తాను. ట్యాంకు గ్లాసు పసుపెక్కాలి, అంటే కాపలా ఉన్నట్టు. రెండోది తెల్లగా ఉండాలి. ఆ రెండోది కూడా లేత పసుపు తిరిగిన నెల, కార్బన్ మార్చే మనిషికి ఫోన్ చేస్తాను.