ఫెస్టివల్ మావయ్య

చలి మొదలైందంటే నర్సీపట్నం మీద ట్రాఫిక్ పెరుగుతుంది. వైజాగ్ కుర్రకారంతా మంకీ క్యాపులు తగిలించుకుని, లంబసింగి మంచులో సెల్ఫీలు దిగడానికి మన ఊరి మీదుగా ఎగబడతారు. సరిగ్గా ఆ రోజుల్లోనే వాళ్లకి ఎదురెళ్లే మనిషి ఒకాయన ఉంటాడు. భుజాన గుడ్డసంచి, చేతిలో మడత గొడుగు, గోవా ప్రయాణం. గోవా అనగానే ఆర్టీసీ కాంప్లెక్సులో తెలిసినవాళ్లు కన్ను గీటుతారు. "ఫిల్మ్ ఫెస్టివల్‌కిరా బాబూ" అంటాడాయన. ఎవరూ నమ్మరు. పాపం, అది నిజమే. అంతదూరం వెళ్లి సముద్రం వైపు కూడా చూడకుండా తిరిగొచ్చే మగవాడు అనకాపల్లి జిల్లా మొత్తమ్మీద ఈయనొక్కడే అయ్యుంటాడు.

ఊరంతా ఫెస్టివల్ మావయ్య అంటుంది. ఇలాంటి మావయ్య తునిలోనూ ఉంటాడు, తెనాలిలోనూ ఉంటాడు, డాలస్‌లోనూ ఉంటాడు. ఇంటికెళ్తే ఇట్టే గుర్తుపట్టొచ్చు. క్యాలెండర్ మేకుకి పాత డెలిగేట్ కార్డులు తాళ్లతో సహా వేలాడుతుంటాయి. ఫెస్టివల్ వాళ్లిచ్చిన సంచులు అత్తయ్య అధీనంలో ఉంటాయి. ఒకదాన్నిండా వంకాయలు, ఇంకోదాన్నిండా ఎండుమిరపకాయలు. 1952లో బొంబాయిలో మొదలైన అంతర్జాతీయ చలనచిత్రోత్సవం 2004 నుంచి గోవాలో స్థిరపడిందని మావయ్య తడుముకోకుండా చెబుతాడు. పెళ్లిరోజు మాత్రం అత్తయ్య గుర్తుచెయ్యాలి.

ప్రయాణం కూడా ఫెస్టివల్ సినిమాలాగే సాగుతుంది. వాస్కోడిగామా వెళ్లే అమరావతి ఎక్స్‌ప్రెస్ ఎక్కడానికి ఆయన ముందు బస్సులో వైజాగ్ వెళ్తాడు. ఎక్కాక ఆ బండి మళ్లీ వెనక్కే వచ్చి నర్సీపట్నం రోడ్డు స్టేషన్ దాటుకుని పోతుంది. ఆ స్టేషన్ తమాషా ఇంకోటి. పేరులో నర్సీపట్నం ఉంది, నర్సీపట్నంలో స్టేషన్ లేదు. అక్కడ దిగినవాడు ఊరు చేరాలంటే మళ్లీ బస్సో ఆటోనో ఎక్కాల్సిందే. ఇందులో నవ్వొచ్చే సంగతి ఒకటుందని మావయ్యకి ఎప్పుడూ తట్టలేదు. ఆయన ఒళ్లో ఫెస్టివల్ షెడ్యూలు పరిచి, యూరప్ దర్శకుల పేర్ల కింద ఎర్ర పెన్నుతో గీతలు గీస్తుంటాడు.

మావయ్యకి ఇష్టమైనవి అబ్సర్డ్ కామెడీలు. అంటే తలాతోకా లేని సంగతులు ఎంతో గంభీరంగా జరిగిపోయే సినిమాలు. స్వీడన్ వాడు రాయ్ ఆండర్సన్ తీసిన పావురం సినిమాకి 2014లో వెనిస్‌లో గోల్డెన్ లయన్ వచ్చింది. అందులో ఇద్దరు సేల్స్‌మెన్ ఏడుపు మొహాలు వేసుకుని నవ్వు సంచులూ దెయ్యం కోరలూ అమ్ముకుంటూ తిరుగుతారు. ఇలాంటి సినిమాకి హాల్లో మావయ్య నవ్వే పద్ధతి చూసి తీరాలి. తెర మీద ఏదో జరుగుతుంది. మావయ్య వెంటనే నవ్వడు. ముందు వరసలో గడ్డం పెంచుకున్న బెంగాలీ పెద్దమనిషి భుజాలు కదిలాయా లేదా అని చూస్తాడు. కదిలితే "హుఁ" అని ముక్కుతో చిన్న నవ్వు ఒకటి వదులుతాడు. కదలకపోతే కళ్లజోడు తీసి తుడుచుకుంటాడు. పొరపాటున తనకే ముందు నవ్వొచ్చేస్తే దాన్ని దగ్గు కింద మార్చేస్తాడు.

తిరిగొచ్చాక అసలు ఫెస్టివల్ మొదలు. 'శ్రీవారికి ప్రేమలేఖ'లో శ్రీలక్ష్మి టైటిల్స్ దగ్గర్నుంచి సినిమా కథ చెబుతుంది చూడండి, ఆవిడ మావయ్య ముందు ఎందుకూ పనికిరాదు. ఈయన లోగోల దగ్గర్నుంచి మొదలెడతాడు. ఒకసారి పంక్చర్ షాపు బల్ల మీద కూర్చుని ఒక ఫ్రెంచి దర్శకుడు 2010లో తీసిన 'రబ్బర్' సినిమా కథ ఎత్తుకున్నాడు. ఎడారిలో ఒక టైరు తనంతట తాను లేచి, దొర్లుకుంటూ పోయి, మనుషుల తలకాయలు పేల్చేస్తుంది. షాపు కుర్రాడు ట్యూబు నీళ్ల తొట్లో ముంచి, బుడగలు ఎక్కణ్ణుంచి వస్తున్నాయో చూస్తూనే అంతా విన్నాడు. విని అడిగాడు: "ట్యూబ్‌లెస్సా మావయ్యా?"

మావయ్య ఆ రోజు టీ కూడా తాగకుండా వెళ్లిపోయాడు.

'ది లాబ్‌స్టర్' కథకీ అదే గతి పట్టింది. ఒంటరివాళ్లు 45 రోజుల్లో జోడీ వెతుక్కోకపోతే జంతువుగా మార్చేస్తారని మావయ్య గొంతు తగ్గించి చెప్పాడు. "మా పెద్దాడికి ఆరేళ్లుగా చూస్తన్నాం బావూ, ఈపాటికి వాడేటైపోయుండునో" అని పక్కింటి పెద్దావిడ నిట్టూర్చింది. అత్తయ్య లోపలికెళ్లి మరీ నవ్వింది.

ఊళ్లో కుర్రాళ్లకి సినిమా అంటే 'పోకిరి'. పూరి జగన్నాథ్ పెరిగింది ఈ చుట్టుపక్కలే కాబట్టి ఆ హక్కు వాళ్లకుంది. మావయ్య వాళ్లతో వాదన పెట్టుకోడు. జంధ్యాల పేరెత్తితే మాత్రం ఇరుకున పడతాడు. "1987లోనే 'అహ నా పెళ్లంట'లో కోట శ్రీనివాసరావు కోడిని వేలాడగట్టి, దాన్ని చూస్తూ ఉత్త అన్నం తిన్నాడు గదా, అదేటి మరి? అబ్సర్డ్ కాదా?" అని ఒకడు అడిగాడు. "అది కామెడీ రా" అన్నాడు మావయ్య. కడుపుబ్బ నవ్వొస్తే కామెడీ, ఎప్పుడు నవ్వాలో తెలియకపోతే అబ్సర్డ్. మావయ్య లెక్క ఇది. సబ్‌టైటిల్స్ వేసి, కోడి బదులు బాతుని కట్టి, కోట పక్కన చెల్లో వాయించేవాణ్ణి కూర్చోబెడితే ఆయన ఆ సీన్‌ని నాలుగుసార్లు చూసేవాడు.

చివరికి ఊరికి మంచి సినిమా అలవాటు చేద్దామని, ఒక ట్యూషన్ సెంటర్లో దుప్పటి కట్టి, బున్యుయెల్ 1972లో తీసిన 'డిస్క్రీట్ చార్మ్ ఆఫ్ ది బూర్జువాజీ' వేశాడు. గొప్పింటివాళ్లు భోజనానికి కూర్చోవాలనుకుంటారు, ప్రతిసారీ ఏదో అడ్డొస్తుంది, విందు ఎప్పటికీ సాగదు. అంతకుముందు అరగంట సేపు ఉపన్యాసం. "ఇది అందరికీ అర్థమయ్యే సినిమా కాదు. ఎక్కడ నవ్వాలో నేను చెబుతాను" అని మరీ కూర్చున్నాడు.

చెప్పే అవకాశం రాలేదు. అతిథులు తప్పు రోజున వచ్చి గుమ్మంలో నిలబడగానే ఆడవాళ్లు ఒకళ్లనొకళ్లు మోచేత్తో పొడుచుకున్నారు. హోటల్ యజమాని శవం పక్క గదిలో ఉండగా మెనూ చూస్తుంటే వెనక వరస ఘొల్లుమంది. టీ దుకాణంలో టీ లేదు, కాఫీ లేదు, పాలు లేవని సర్వర్ చెప్పేసరికి, అందరికీ టీ పొయ్యడానికి వచ్చిన టీ కొట్టు అతను ఫ్లాస్కు పట్టుకుని కూలబడి నవ్వాడు. "మా ఆడబడుచు ఇంట గృహప్రవేశం అచ్చం ఇలాగే అయ్యింది" అని ఒకావిడ గట్టిగానే చెప్పింది. "ష్! ఇది వర్గ విమర్శ!" అని మావయ్య లేచాడు. "అదేనండీ, మాకూ వడ్డించలేదు" అందావిడ.

ఒక్క ఫ్రెంచి ముక్క రాకుండా సినిమా మొత్తం నవ్విందా జనం. ముందు వరసలో ఒక్క గడ్డం లేదు, ఎవరూ ఎవరి భుజాలూ చూడలేదు.

మర్నాడు కాంప్లెక్సులో మావయ్యని పలకరించారు, "మళ్లీ ఎప్పుడు వేస్తారండీ?" అని. ఆయన మొహం ముడుచుకున్నాడు. బున్యుయెల్ మీద అభిప్రాయం మార్చుకున్నాడట. "మరీ మాస్ అండీ" అన్నాడు. వచ్చే నవంబర్‌కి గోవా బెర్తు రాయించేశాడు. ఈసారి నర్సీపట్నానికి అర్థం కాని సినిమా ఒక్కటైనా పట్టుకురాకపోతే ఊళ్లో తన మర్యాద దక్కదని ఆయన బెంగ.