జేబుపుస్తక మీమాంస

కర్నూలునందలి కొందఱు సాహితీమిత్రులు నిత్యలేఖనమునకు తగిన జేబుపుస్తకమును వెదకుచు, కాగితపు మందమును, సిరా ఆవలిపుటకు దిగునా దిగదా యను ధర్మసందేహమును, గీతలుండవలెనా వలదా యను వాదమును పట్టుకొని యంగడియంగడి తిరుగుచుండఁగా, వ్రాయవలసిన ముక్క మాత్రము ఇంకను గర్భస్థమైయే యున్నది. ఈ జిల్లాలోనే ఎఱ్ఱగుడి బండపై అశోకుని లేఖకుఁడు గీతలు లేవని గొణుగక, ఒక శాసనమున కొన్ని పంక్తులు ఎడమనుండి కుడికిని, కొన్ని కుడినుండి ఎడమకును చెక్కి తన దారిని తాను పోయెను (చదువరి తల తిరిగిన నది వాని పూచీ కాదు). కడపసీమలోని కలమళ్లలో రేనాటి చోడుఁడు ధనంజయుఁడు సుమారు క్రీ.శ. 575లో తెనుఁగును ఱాతి కెక్కించునపుడు, ఇది జేబున నిముడునా యని యెవ్వరును కొలువలేదు. అంతదూర మేల? ఎరువుల దుకాణమువా రుచితముగా నిచ్చిన డైరీలో, చెమటకు అలుకుకొనిన నీలిసిరాతో, వేరుసెనగ తూకమును, వడ్డీలెక్కను, బోరు వేసినవాని బాకీని ఒకే పుటలో ఇఱికించు రైతునకు కాగితపు నాణ్యము చర్చనీయాంశమే కాదు. మన మిత్రుఁడొకఁ డెట్టకేలకు తోలుఅట్ట పుస్తకము కొని, తొలిపుటలో శ్రీకారము చుట్టి, దాని క్రింద పుస్తకపు వెలను వ్రాసి, తక్కిన పుటలను మాయకుండ కాపాడుచున్నాఁడు.