బజ్జి తినగవచ్చు: టీకా తాత్పర్య సహితం

మూలం

బజ్జి తినగవచ్చు, భక్ష్యమున్ దినవచ్చు,
లెక్క మీఱకున్న లేదు తప్పు;
కొఱ్ఱలైన గాని కుండెడు మింగిన
నడుము చుట్టుకొలత నవ్వు సుమ్ము.

అవతారిక

ఈ ఆటవెలది చెప్పిన కవి పేరు తెలియదు. నంద్యాల కృష్ణమరాజుకు కళాపూర్ణోదయం అంకితమిచ్చిన పింగళి సూరనకు అంటగడదామా అని వ్యాఖ్యాతకు ఒక క్షణం ఆశ పుట్టిన మాట నిజమే. కాని సూరన ఒకే పద్యంలో రామకథనూ భారతకథనూ నడిపించిన ద్వ్యర్థికావ్య కర్త. ఈ పద్యానికున్నది ఒకటే అర్థం, అదీ పొట్టకు సంబంధించింది. పైగా పదహారో శతాబ్దంలో నడుముకు టేపు చుట్టి సెంటీమీటర్లు చదివినవాళ్లు లేరు. కనుక కవి మన కాలంవాడే, మన వీధివాడే.

సందర్భం ఇది. నంద్యాలలో ఒక టిఫిన్ సెంటర్ దగ్గర, పొద్దున ఏడున్నరకు, కొంచెం ఒళ్లు చేసిన ఒక ఉద్యోగి "రేపట్నుంచి కొర్రలే, ఇంకేం ముట్టనన్నా" అని పక్కవాడి దగ్గర ఒట్టు పెట్టుకున్నాడు. పెట్టుకుని, రేపటి త్యాగానికి ఇవాళే పరిహారంగా ఇంకో రెండు బజ్జీలు వేయించుకున్నాడు. అది చూసిన కవికి ఆశువుగా పద్యం పుట్టింది. నంద్యాల 2022 ఏప్రిల్ 4న జిల్లా కేంద్రమై ఊళ్లో కుర్చీలు పెరిగాక ఇలాంటి ఒట్లు మరీ ఎక్కువయ్యాయని వ్యాఖ్యాత పరిశీలన.

ప్రతిపదార్థం

బజ్జి = మిరపకాయ బజ్జి; తినగవచ్చు = తినుటకు అనుమతి కలదు; భక్ష్యమున్ = పూర్ణం పెట్టి నేతిలో కాల్చినదానిని, కోస్తావారు బొబ్బట్టు అనుదానిని; దినవచ్చు = అదియునట్లే; లెక్క = ఒంటికి రోజుకు పట్టు కేలరీల మొత్తము; మీఱకున్న = దాటనిచో; లేదు తప్పు = దోషము లేదు, కావున చెంపలు వేసుకొననక్కర లేదు; కొఱ్ఱలైన గాని = పథ్యమని పేరుపడిన ధాన్యమే అయినను; కుండెడు మింగిన = పథ్యమే కదాయని వడ్డించుకొనుచు పోయినచో; నడుము చుట్టుకొలత = టేపు చూపు అంకె; నవ్వు = పరిహసించును; సుమ్ము = తెలిసికొమ్ము.

తాత్పర్యం

బరువు తగ్గాలంటే పథ్యమైనవే తినాలన్న నియమం లేదు. తిన్నది ఒంటికి అక్కరైనదానికంటే తక్కువైతే బజ్జి తిన్నా తగ్గుతారు, ఎక్కువైతే కొర్రలు తిన్నా పెరుగుతారు.

వ్యాఖ్య

మూలంలో లేనిది రాయనని కోలాచల మల్లినాథసూరి ప్రతిజ్ఞ చేశాడు. ఆయన వ్యాఖ్య రాసింది కాళిదాసుకు, ఉగ్గానికి కాదు. కనుక ఆ నియమం మనకు వర్తించదు.

"బజ్జి": కవి ఉగ్గాని మాట ఎత్తకుండా బజ్జి అన్నాడేమి? మన సీమలో ఒకటి చెబితే రెండోది చెప్పినట్టే గనుక. బొరుగులు నీళ్లలో ముంచి, పిండి, ఉల్లిగడ్డ, పచ్చిమిర్చి, పసుపుతో తిరగమాత పెట్టి, పైన పుట్నాల పొడి చల్లితే ఉగ్గాని. బొరుగులు పొడిగా ఉన్నప్పుడు చాటెడు, నానాక గుప్పెడు. అక్కడే కన్ను మోసపోతుంది. ప్లేటుకు 50 గ్రాముల బొరుగులు వేశారనుకుంటే అవి 200 కేలరీలు. నూనె 20 గ్రాములైతే ఇంకో 180. పొడి, ఉల్లిగడ్డ కలిపి 70. నూనె పీల్చిన బజ్జీలు రెండు, వ్యాఖ్యాత అంచనాలో 250. మొత్తం 700. ఇది ఘోరమా? కాదు. కూర్చుని పనిచేసే మగవాడికి రోజుకు 2,110 కేలరీలు, ఆడమనిషికి 1,660 చాలునని ఐసీఎంఆర్ 2020 నాటి లెక్క. ఉగ్గాని బజ్జి తిని కూడా మధ్యాహ్నానికీ రాత్రికీ చోటు మిగులుతుంది. ఆ చోట్లోకి పదకొండింటి టీ, బిస్కెట్లు, నాలుగింటి నిప్పట్లు వచ్చి కూర్చోకపోతే.

ఇక "ప్రాసెస్ చేసిన తిండి" అనేవారికి ఒక మనవి: బొరుగులు చెట్టుకు కాయలేదు. ఉడకబెట్టి, ఎండబెట్టి, బట్టీలో వేయిస్తే వచ్చినవే. మర ఆడినదంతా విషమైతే రాయలసీమ ఎప్పుడో ఖాళీ అయ్యేది.

"లేదు తప్పు": ఇక్కడ పూర్వపక్షం వస్తుంది. వేదాంతంలో మతత్రయం ఉన్నట్టే తెలుగునాట బరువు తగ్గడానికీ మతత్రయం ఉంది. ఉండవల్లిలో కృష్ణ ఒడ్డున ఆశ్రమం నెలకొల్పిన మంతెన సత్యనారాయణరాజు గారిది ఉప్పూ నూనే లేని మతం. వీరమాచనేని రామకృష్ణ గారిది అన్నం రొట్టె మానేసి, కొబ్బరినూనె, నిమ్మకాయలు, నీళ్లు, మల్టీవిటమిన్ బిళ్లలతో నడిచే మతం. మన పక్క ప్రొద్దుటూరులో పుట్టి, మైసూరులో స్థిరపడి, 2023లో పద్మశ్రీ అందుకున్న ఖాదర్ వలి గారిది బియ్యం గోధుమలు వదిలి ఐదు సిరిధాన్యాలు పట్టుకునే మతం. ఒకరు చుక్క నూనె వద్దంటే ఇంకొకరు తాగమన్నారు. ఒకరు ధాన్యమే వద్దంటే మరొకరు ధాన్యమే ఔషధమన్నారు. మూడు మతాల శిష్యుల్లోనూ తగ్గినవాళ్లున్నారు, ఆర్నెల్లకు మళ్లీ మొదటికొచ్చినవాళ్లూ ఉన్నారు.

ఇన్ని విరోధాల మధ్య ఫలితం ఒకటే ఎట్లా అయ్యింది? ముగ్గురూ కలిసి ఏం మానిపించారో చూడండి: సాయంత్రం బజ్జి, బేకరీ పఫ్, బిస్కెట్ ప్యాకెట్, కూల్‌డ్రింకు, పెళ్లి భోజనంలో రెండోసారి వడ్డన. ఏ మతంలో చేరినా ముందు పడిపోయేది లెక్క. ఆచార్యులకు పేరొచ్చింది, పని చేసింది కూడికలూ తీసివేతలూ. వ్యాఖ్యాత మటుకు ఏ మఠంలోనూ దీక్ష తీసుకోలేదు.

దృష్టాంతం కోసం సముద్రం దాటాలి. అమెరికాలో కాన్సస్ స్టేట్ యూనివర్సిటీలో పోషకాహారం బోధించే మార్క్ హాబ్ 2010లో పది వారాలు భోజనాలకు బదులు ట్వింకీలనే క్రీము కేకులు, బిస్కెట్లు, చిప్స్ తిన్నాడు. వాటితోపాటు మల్టీవిటమిన్ బిళ్ల, ప్రొటీన్ పానీయం, కొన్ని కూరగాయలు కూడా ఉన్నాయి. తిండి ఏదైనా రోజుకు 1,800 కేలరీలు దాటనివ్వలేదు. ఆయన ఒంటికి పట్టేది సుమారు 2,600. పది వారాల్లో 27 పౌండ్లు, మన లెక్కలో 12 కిలోలు, తగ్గాడు. చెడ్డ కొలెస్ట్రాల్ కూడా ఐదో వంతు దిగింది. అందరూ ఇట్లాగే తినండని మాత్రం ఆయన చెప్పలేదు.

ఇంతటితో బజ్జి పక్షం గెలిచిందని చంకలు గుద్దుకునేవారు కొంచెం ఆగాలి. ఆ అమెరికాలోనే కెవిన్ హాల్ అనే శాస్త్రజ్ఞుడు 20 మందిని పరిశోధనాలయంలో నెల రోజులు ఉంచి, రెండు వారాలు ప్యాకెట్ తిండి, రెండు వారాలు వండిన మామూలు తిండి పెట్టించాడు. వడ్డించిన వాటిలో కేలరీలు, చక్కెర, కొవ్వు, ఉప్పు, పీచు సమానం. ఎంత కావాలంటే అంత తినండన్నాడు. 2019లో ఫలితం అచ్చయింది: ప్యాకెట్ తిండి వారాల్లో రోజుకు సుమారు 500 కేలరీలు ఎక్కువ తిన్నారు, గబగబా తిన్నారు, దాదాపు కిలో బరువు పెరిగారు. మామూలు తిండి వారాల్లో అంతే తగ్గారు. ఎవరూ వాళ్లను బలవంతం చేయలేదు, చెయ్యి దానంతటదే పోయింది.

హాబ్ లెక్క పెట్టుకుని తిన్నాడు. హాల్ పరిశోధనాలయంలో వాళ్లు లెక్క లేకుండా తిన్నారు. రెండూ నిజాలే, పరస్పర విరోధం లేదు. కవికి ఈ సంగతి తెలుసు. అందుకే "వచ్చు" అన్నాడు గాని "వలయును" అనలేదు. లెక్క పెట్టగల ఓపికున్నవాడికి ప్యాకెట్టూ పథ్యమే. ఓపిక లేనివాడికి నమలడానికి టైము పట్టే తిండే గతి. జొన్నరొట్టె, అలసందల కూర గబగబా మింగబోతే గొంతులో అడ్డం పడతాయి. చిప్స్‌కు ఆ ఇబ్బంది లేదు. పప్పు, గుడ్డు, పెరుగు పళ్లెంలో ఉంటే ఆకలి కాసేపు ఆగుతుంది, బరువుతోపాటు కండ కూడా కరిగిపోకుండా ఉంటుంది.

"కొఱ్ఱలైన గాని": కుందూ లోయలో ఒకప్పుడు కొర్ర, జొన్నే దిక్కు. 1860లలో మద్రాసు ఇరిగేషన్ కంపెనీవాళ్లు సుంకేసుల నుంచి కడప దాకా కాలువ తవ్వారు. కంపెనీకి గిట్టుబాటు కాక 1882లో ప్రభుత్వం కొనేసింది. అదే మన కేసీ కెనాల్. నీళ్లు పారిన చోటల్లా వరి వచ్చింది. 1986లో బాపట్ల నుంచి బీపీటీ 5204 వచ్చి, మన మిల్లుల్లో తెల్లగా పాలిషై కర్నూలు సోనా అనిపించుకుంది. ఇప్పుడు మళ్లీ కొర్రకు మర్యాద. సూర్యనంది అనే కొర్ర రకం పుట్టింది నంద్యాల వ్యవసాయ పరిశోధన స్థానంలోనే, నవనందుల్లో ఒకదాని పేరు పెట్టుకుని.

మర్యాద సరే, లెక్క సంగతి? వండని కొర్రలు 100 గ్రాములకు 330 కేలరీల చిల్లర. బియ్యం 350 చిల్లర. తేడా ఇరవై. సూర్యనందిలో ఉన్నది పీచు, అది కడుపు త్వరగా నిండిస్తుంది, రక్తంలో చక్కెరను మెల్లగా ఎక్కనిస్తుంది. గొప్ప గుణమే. కాని ఆ గుణం పని చేయాలంటే కడుపు నిండినప్పుడు లేవాలి. పథ్యమని పేరు పడగానే రెండు గరిటెలు ఎక్కువ వేసుకుని, పైన నెయ్యి, పక్కన బుడ్డల (వేరుశనగల) కారం పెట్టుకుంటే కొర్ర ఏం చేస్తుంది పాపం? బుడ్డలు కూడా పథ్యమే. 100 గ్రాములకు 567 కేలరీలు.

"కుండెడు": ఆళ్లగడ్డ సంప్రదాయం వారు ఈ పదాన్ని దూషణగా ఒప్పుకోరు. ఆళ్లగడ్డ శిల్పుల ఊరు. పొద్దున్నుంచి మాపటి దాకా సుత్తి ఎత్తి దించే మనిషికి కుండెడు సంకటి కుండెడు కాదు, కూలి. ఈ ఆక్షేపణ న్యాయమైనదే. కష్టమైన పని చేసే మగవాడికి ఐసీఎంఆర్ ఇచ్చిన అంకె 3,470. కుర్చీలో కూర్చునేవాడి 2,110 తీసేస్తే తేడా 1,360, అంటే దాదాపు రెండు ప్లేట్ల ఉగ్గాని బజ్జి. శిల్పి తాతకున్న పళ్లెం, ఇప్పుడు కంప్యూటర్ ముందు కూర్చునే మనవడికీ అదే పళ్లెం. మన ఊళ్ల పొట్టల చరిత్ర సగం ఇక్కడే ఉంది.

నడిచి కరిగిస్తామనేవారికి: 70 కిలోల మనిషి కిలోమీటరు నడిస్తే ఖర్చయ్యేది అటూ ఇటూగా 50 కేలరీలు. ఎగువ అహోబిలంలో జ్వాలా నరసింహుణ్ణి చూసి దిగొచ్చినవాడు "ఇవాళ ఎంత తిన్నా ఫర్వాలేదు" అని ఆళ్లగడ్డలో బండి ఆపుతాడు. స్వామి దర్శనం ఖాతాలో ఉంటుంది, నడక మాత్రం మూడో బజ్జీకే చెల్లైపోతుంది. నడవొద్దని కాదు. గుండెకు, చక్కెరకు, నిద్రకు నడక మంచిదే, బజ్జీలకు బాకీ తీర్చే దారి మాత్రం కాదు.

"నడుము చుట్టుకొలత": కవి కిలోలు అనకుండా నడుము ఎందుకన్నాడు? ఉప్పు ఎక్కువ తిన్న మర్నాడు కాటా కిలో ఎక్కువ చూపిస్తుంది, అది నీరు. నడుము అంత తొందరగా మాట మార్చదు. మనవాళ్లకు కాళ్లూ చేతులూ సన్నగా ఉండి, కొవ్వంతా నడుము దగ్గర చేరే గుణం ఎక్కువ. భారతీయులకు వైద్యులు గీసిన గీత మగవారికి 90 సెంటీమీటర్లు, ఆడవారికి 80. ఒక హెచ్చరిక ఇక్కడే చెప్పాలి. షుగరు మందులో ఇన్సులినో వాడేవారు ఈ పద్యాన్ని నమ్ముకుని ఒక్కసారిగా తిండి తగ్గించకూడదు, ముందు డాక్టరుతో మాట్లాడాలి. పద్యం మందు డోసు మార్చలేదు.

అలంకారం: బజ్జిని మెచ్చుకున్నట్టు కనిపిస్తూ తినేవాణ్ణి ఎత్తిపొడిచాడు గనుక వ్యాజోక్తి అని కొందరు, వ్యాజస్తుతి అని కొందరు. తేలే లోగా బజ్జీలు చల్లారతాయి.

పాఠాంతరం

రెండో పాదానికి ఆళ్లగడ్డ వైపు ఇంకో పాఠం వినబడుతుంది: "నూనె మీఱకున్న లేదు తప్పు". నంద్యాల పండితులు దీన్ని తోసిపుచ్చారు. లె–లే యతి చక్కగా కుదిరిన చోట నూ–లే పెట్టడం యతిభంగమని వారి వాదం. ఛందస్సు వరకు వారి మాట నిజం.

కాని అర్థం చూడాలి. లీటరు నూనె అంటే 8,000 కేలరీల పైమాట. నలుగురున్న ఇంట్లో నెలకు ఐదు లీటర్లు వాడితే తలకు రోజూ దాదాపు 340 కేలరీలు ఒక్క నూనె నుంచే వస్తున్నాయి, బజ్జి తిన్నా తినకపోయినా, కూర పథ్యమైనా కాకపోయినా. ఒక లీటరు తగ్గిస్తే మనిషికి రోజుకు 70 దాకా తగ్గుతాయి, సంవత్సరానికి కాగితం మీద మూడు కిలోలు. ఒళ్లు సర్దుకుంటుంది గనుక నిజంలో అంత రాదు, కొంత తప్పకుండా వస్తుంది. 2025 ఫిబ్రవరిలో మన్ కీ బాత్‌లో ప్రధాని వంటనూనె పది శాతం తగ్గించమన్నది ఈ లెక్క మీదే. కేలరీలు కూడుకునే ఓపిక ఏ ఇంట్లోనూ ఉండదు. నూనె ప్యాకెట్లు లెక్కపెట్టడం మాత్రం కిరాణా చీటీ చూసిన ఎవరికైనా చేతనవుతుంది.

కనుక యతి చెడినా సరే, ఆళ్లగడ్డ పాఠమే గ్రాహ్యం.