ఫోనులో రానిది (టీకా తాత్పర్య సహితము)

మూలము:

చిన్నదైనా పర్లేదు మావయ్యా,
ఫోనులో రానిది రావాలి, అంతే.

అవతారిక: విశాఖపట్నంలో డిగ్రీ చివరి ఏడు చదువుతున్న మా మేనకోడలికి 20 ఏళ్ళు నిండబోతున్నాయి. పుట్టినరోజుకి ఏం కావాలే అని వాట్సాప్‌లో అడిగితే మొదట "ఏం వద్దు" అంది. అది నాందీవాక్యం, దానికి అర్థం చెప్పే సంప్రదాయం లేదు. మళ్ళీ అడిగితే "కెమెరా" అంది. ఎలాంటిది అన్న మూడో ప్రశ్నకి పై రెండు పాదాలూ వెలువడ్డాయి. చివర ఒక నవ్వుమొహం బొమ్మ కూడా ఉంది గానీ అది ప్రక్షిప్తమని నా అనుమానం.

ఛందస్సు: యతి లేదు. ప్రాస కుదిరినట్టే కనబడి ద్విత్వం దగ్గర బెసికింది. పిల్ల కామర్స్ విద్యార్థిని కాబట్టి క్షమించాలి.

ప్రతిపదార్థము: మావయ్యా = ఓ మేనమామా (జీతం వచ్చే చుట్టమా అని ధ్వని); చిన్నదైనా = అల్పమైనదైనను; పర్లేదు = సమ్మతమే (పెద్దదైతే మరీ సమ్మతము); ఫోనులో = వాయిదాలింకను తీరని చరవాణియందు; రానిది = పొడసూపనిది; రావాలి = వచ్చి తీరవలెను; అంతే = మరేమియు అక్కరలేదు. ఈ "అంతే"ని నమ్మి బయల్దేరినవాడు బ్యాగూ రెండో బ్యాటరీ కూడా కొని గానీ ఇంటికి చేరడు.

టీక: "చిన్నది" అన్న పదం దగ్గర వ్యాఖ్యాతలు చీలిపోయారు. ఏది చిన్నది? ధరా, ఒళ్ళా, లోపల వెలుగుని పట్టే సెన్సారా? 1975లో కొడాక్ కంపెనీ ఇంజినీరు స్టీవెన్ సాసన్ కట్టిన తొలి డిజిటల్ కెమెరా 3.6 కిలోలు తూగేది. నలుపు తెలుపుల బొమ్మ ఒక్కటి క్యాసెట్టు మీదికి ఎక్కడానికి 23 సెకన్లు పట్టేది. దాని పక్కన పెడితే నేడు దొరికేవన్నీ చిన్నవే, కాబట్టి ఒళ్ళు చిన్నదని అర్థం చెప్పనక్కరలేదని ఒక వాదం. నేను ఒప్పుకోను. కాలేజీ సంచీలో టిఫిన్ డబ్బా పక్కన ఇమడని కెమెరా బీరువాలో పట్టుచీరల పక్కన ఇముడుతుంది. పెళ్ళిళ్ళకి చీరతో పాటే బయటికొస్తుంది.

ధర చిన్నదన్న వ్యాఖ్య వాళ్ళమ్మది. మా అక్క కాబట్టి ఖండించను.

ఇక సెన్సారు చిన్నదన్న అర్థం పొసగదు. ఇక్కడ మా బావగారి మతాన్ని పూర్వపక్షంగా చెప్పాలి. ఆయన మెగాపిక్సెల్ వాది. "నా ఫోనుకి 200 ఉన్నాయి, నువ్వు కొనేదానికి 24. ఇదేం లెక్కయ్యా?" అని నిలదీశారు. సమాధానం: ఆ 200 ఉన్నది చిటికెనవేలి గోరంత జాగాలో. చాలినంత వెలుగు దొరక్క ఫోను వాటిని పదహారేసి చొప్పున కలిపేసి మామూలుగా పన్నెండున్నరే చేతిలో పెడుతుంది. ఏపీఎస్-సీ అనే రకం కెమెరాలో సెన్సారు సుమారు 23.5 మిల్లీమీటర్ల వెడల్పు, 15.6 ఎత్తు, అంటే తపాలా బిళ్ళంత. వాన కురిసేటప్పుడు వాకిట్లో గ్లాసు పెట్టినవాడికీ గంగాళం పెట్టినవాడికీ దొరికే నీళ్ళు ఒకటి కావు కదా. పైగా 24 మెగాపిక్సెల్ అంటే 2 కోట్ల 40 లక్షల చుక్కలు. ఆల్బంలో పెట్టే 4×6 అంగుళాల ఫొటో నాణ్యంగా అచ్చు కావడానికి 22 లక్షలు చాలు. బావగారు "ఊఁ" అన్నారు. అది అంగీకారమో ఆవులింతో తేలలేదు.

ఈ శాస్త్రంలో మాటలకి వాచ్యార్థం వెతికితే తల తిరుగుతుంది. "ఒక అంగుళం సెన్సారు" అంటారు, కొలిస్తే 13.2×8.8 మిల్లీమీటర్లే. పాతకాలపు వీడియో గొట్టాల కొలత నుంచి వచ్చిన పేరట అది. గంగలో పల్లె అంటే గంగ గట్టు మీది పల్లె అని లక్షణార్థం చెప్పుకున్న జాతికి ఇదొక లెక్క కాదు. లెన్సు మీద ఎఫ్ పక్కన రాసే అంకె ఇంకా విడ్డూరం. అది తగ్గేకొద్దీ లోపలికొచ్చే వెలుగు పెరుగుతుంది. 5.6 కంటే 1.8 దాదాపు 10 రెట్లు వెలుగు తెస్తుంది. విరోధాభాసానికి ఇంతకంటే మంచి ఉదాహరణ నేను చదివిన అలంకార గ్రంథాల్లో లేదు.

రెండో పాదమే ఈ వాక్యానికి ప్రాణం. ఫోనులో రానిది ఏది? దుకాణంలో కుర్రాడు "దూరంలో పిట్ట" అని అర్థం చెప్పి బారెడు లెన్సు చూపించాడు. మొన్న కొండకర్ల ఆవకి వెళ్ళినప్పుడు పిల్ల తీసిన కొంగ ఫోనులో తెల్లచుక్కగా పడ్డ మాట నిజమే. ఆమె తమ్ముడిది మరో వ్యాఖ్య. అక్క అడిగింది 2005 నాటి పాత బుల్లి డిజిటల్ కెమెరా, మొహం మీద ఫ్లాషు తెల్లగా కొట్టేది, ఇప్పుడదే ఫ్యాషను అన్నాడు. అలాంటిది మా ఇంట్లోనే ఉండేది. పాత సామాన్లవాడికి వేశాం.

మూలకర్త్రి ఫోను దూరంలోనే ఉంది, అడిగితే సరిపోయేది. కవి బతికుండగా కవినే అడిగే వ్యాఖ్యాతని మీరెక్కడైనా చూశారా? సందేహం వస్తే గ్రంథకర్త ఇతర కృతులు చూడమన్నారు పెద్దలు. రెండు నెలల వాట్సాప్ స్టేటస్‌లు చూశాను. వంటింట్లో పొయ్యి ముందు వాళ్ళ నానమ్మ, మెట్ల మీద పిల్లి, హాస్టల్లో కరెంటు పోయినప్పుడు స్నేహితురాలి మొహం, మళ్ళీ నానమ్మ. కొంగ ఒక్కసారే. అన్నీ మసకవెలుగులో, దగ్గరి నుంచి తీసినవే. నానమ్మ చేతి ముడతలు ఫోను సున్నితంగా చెరిపేసి, మైదాపిండి చెయ్యి చేసి పెట్టింది. ఫోనులో రానిది ఆ ముడతలు.

అర్థం తేలాక వస్తువు తేలడం సులువు. బాడీ ఏదైనా లెన్సు మాత్రం 1.8 వంటిది ఉండాలి. అందరూ 50 మిల్లీమీటర్లది కొనమంటారు, చవక కాబట్టి. ఏపీఎస్-సీ మీద అది 75, 80 లాగా పని చేస్తుంది. ఇరుకు వంటింట్లో నానమ్మ మొత్తం పట్టాలంటే వెనక్కి జరిగి జరిగి పెరట్లో తేలాలి. 35 అయితే గుమ్మం దగ్గరే ఆగొచ్చు. బాడీకి కానన్ ఆర్50 తీసుకున్నాను. 2023లో వచ్చింది, దానితో పాటే ఇచ్చే కిట్ లెన్సుతో కలిపి అరకిలో. నికాన్ జడ్30, సోనీ జడ్‌వీ-ఈ10 కూడా మంచివే గానీ రెండింటికీ కన్ను పెట్టి చూసే కిటికీ లేదు. మిట్టమధ్యాహ్నం బీచిలో తెర మీద ఏమీ కనబడదు. కన్ను ఆనించకుండా ఫొటో తియ్యడం నాకు మనస్కరించదు, ఇది నా చాదస్తమే.

"బిల్లొద్దంటే 4 వేలు తగ్గిస్తాను సార్, మీరు కాబట్టి" అన్నాడు ఒక దుకాణదారు. "మీరు కాబట్టి" అన్నది వ్యాజస్తుతి. బిల్లు లేని దొంగదిగుమతి సరుకుకి ఇక్కడ వారంటీ వర్తించదు. లేచి వచ్చేశాను.

విశేషము: విశాఖ గాలిలో ఉప్పూ తేమా రెండూ ఉంటాయి. నా పాత రీలు కెమెరాని తోలు కేసులోనే ఉంచి మురిసిపోయాను. తోలు తేమని పట్టి ఉంచి లెన్సు లోపల సాలెగూడులా బూజు పట్టించింది. గాలి చొరని డబ్బాలో సిలికా జెల్ సంచులు వేసి పెట్టమని పిల్లకి చీటీ రాశాను.

తాత్పర్యము: ఓ మేనమామా, నానమ్మ చేతులు ఉన్నవి ఉన్నట్టు పడే కెమెరా, సంచీలో పట్టేది, కొనిపెట్టు.

పాఠాంతరము: పుట్టినరోజు రాత్రి తొమ్మిదిన్నరకి కేకు కోశాక పెట్టె విప్పాం. బాడీ, లెన్సు, బ్యాటరీ, చార్జరు, మెడపట్టీ ఉన్నాయి. నానమ్మ కొత్తచీర కట్టుకుని పొయ్యి ముందు కూర్చుంది. పిల్ల కన్ను ఆనించి మీట నొక్కింది. కార్డు లేదని తెర మీద పడింది. దుకాణాలు కట్టేశారు. ఆ రాత్రి నానమ్మని ఫోనుతోనే తీశారు, చేతిలో కెమెరా పెట్టి. మర్నాడు పొద్దున పిల్ల నాకు మూలాన్ని సవరించి పంపింది: "ఫోనులో రానిది" తీసేసి "పెట్టెలో రానిది" అని. ఈ పాఠమే సాధువని ఇప్పుడు నాకూ తోస్తోంది. మెమరీ కార్డు పెట్టెలో రాదు. కెమెరా కొన్న చోటే, వీ30 అని రాసి ఉన్న 64 జీబీ కార్డొకటి అడిగి తీసుకోండి.