తీసేస్తే కొత్తది

బార్కస్‌లో మండీ తినాలంటే చేతులు ఖాళీగా ఉండాలి. మా గ్యాడ్జెట్ భాయ్‌కి ఆ అదృష్టం లేదు. ఒక చేతిలో ఫోను, ఇంకో చేతిలో ఆ ఫోను వణక్కుండా చూసుకునే గింబల్, కాలర్‌కి మైకు, మణికట్టుకి "చాలాసేపటి నుంచి కూర్చునే ఉన్నారు, లేవండి" అని గద్దించే గడియారం. నేలమీద పరుపులేసి, నలుగురి మధ్య ఒకే పెద్ద పళ్లెం పెట్టే హోటల్లో కూడా ఆయన ముందు అన్నాన్ని చూడడు, వెలుతురును చూస్తాడు. "అన్నా, చెయ్యి తియ్యి, నీడ పడ్తాంది" అంటాడు. ఆవిరి పోయేదాకా ఫోను తింటుంది, తర్వాత మనం తింటాం. వీడియోలో ఆవిరి లేదని ఎవరైనా కామెంట్ పెడితే దానికీ ఫిల్టర్ ఉందట.

చాంద్రాయణగుట్ట నుంచి పహాడీషరీఫ్ దాకా ఎవరి ఫోను పాడైనా, ఎవరు ఏది కొనాలన్నా భాయ్‌నే అడుగుతారు. సలహా ఉచితం, ఉపన్యాసం తప్పనిసరి. ఇన్నేళ్ల ఉపన్యాసాలు వడగడితే తేలిన సిద్ధాంతం ఒక్కటే. వస్తువులోంచి ఏదైనా తీసేస్తే అది కొత్తదవుతుంది. ఎంత ఎక్కువ తీసేస్తే అంత కొత్తది, అంత ఖరీదు.

ఈ సిద్ధాంతాన్ని పరీక్షించి చూడాలంటే హైదరాబాద్‌లో బార్కస్‌ను మించిన చోటు లేదు. నిజాం కొలువులోని అరబ్బు సిపాయిల బ్యారక్‌లు ఉన్న జాగా ఇది. వాళ్లలో చాలామందిది యెమెన్‌లోని హద్రమౌత్. 1948 సెప్టెంబర్ పోలీసు చర్యతో నిజాం రాజ్యం ముగిసింది, దాంతోపాటే సిపాయిగిరీ. కొందరు జామతోటలు పట్టుకున్నారు, కొందరు లుంగీల వ్యాపారం పట్టుకున్నారు. డెబ్బైల్లో చమురు ధర ఎగిసి గల్ఫ్‌లో పనులు పుట్టాక, తాతలు వచ్చిన వైపే మనవలు బయల్దేరారు. నెలనెలా డబ్బు పంపారు, సెలవుకొచ్చినప్పుడు పెట్టెలు తెచ్చారు.

ఆ పెట్టెకు తాడు కట్టిన తీరు చూసి లోపల ఏముందో గల్లీ మొత్తం చెప్పేది. రేడియో, క్యాసెట్ కలిసిన టూ-ఇన్-వన్ అయితే ఒక పద్ధతి, వీసీఆర్ అయితే ఇంకో పద్ధతి. జేవీసీ కంపెనీ వీహెచ్‌ఎస్‌ను 1976లో జపాన్‌లో విడుదల చేసింది. అది మన గల్లీలోకి దిగడానికి ఇంజినీర్లు అక్కర్లేకపోయింది, రెండు నెలల సెలవు దొరికిన మేస్త్రీ చాలాడు. వీసీఆర్ వచ్చిన ఇంటికి చుట్టాలు పెరిగేవాళ్లు. ఒక టీవీ, ఒక క్యాసెట్టు, ముప్ఫై తలకాయలు. సినిమా నచ్చకపోయినా ఎవరూ లేచి వెళ్లేవాళ్లు కాదు, అడుగు తీసి పెట్టే చోటుండేది కాదు మరి. చూసేవాణ్ణి కట్టి పడేయడం ఎలాగని ఇప్పటి కంపెనీలు కోట్లు పోసి పరిశోధిస్తున్నాయి. ఒక ఇరుకింటికి ఆ విద్య ఉచితంగా వచ్చు.

"అది పాత కథన్నా. ఇప్పుడు ఎవరి స్క్రీన్ వాళ్లకే, పర్సనలైజ్డ్" అన్నాడు భాయ్.

"అంటే ముప్ఫైమందినీ తీసేశారన్నమాట."

"ఇన్నోవేషనంటే అదే కదన్నా!"

టీవీని మోసుకొచ్చే భాగ్యం కూడా ఎక్కువ కాలం నిలవలేదు. శంషాబాద్ విమానాశ్రయంలో ట్రాలీకి అడ్డంగా ఫ్లాట్ టీవీ, దాని వెనక ఎక్కడో మనిషి, ఒకప్పుడు ఇదే గల్ఫ్ రాక. 2013 ఆగస్టు 26 నుంచి, వెంట తెచ్చే ఫ్లాట్ టీవీలకున్న సుంకం మినహాయింపును కేంద్ర ప్రభుత్వం ఎత్తేసింది. అప్పటి సుంకం సెస్‌తో కలిపి 36.05 శాతం. డాలర్ ముందు రూపాయి పడిపోతుంటే, ఆ పతనానికి ట్రాలీ మీది టీవీ నైతిక బాధ్యత వహించింది.

వాక్‌మన్ సంగతి ఇంకా రుచిగా ఉంటుంది. 1979 జులైలో సోనీ తెచ్చిన తొలి వాక్‌మన్‌కు హెడ్‌ఫోన్ రంధ్రాలు రెండు. పక్కన మనిషుండగా ఒక్కడే పాట వింటూ కూర్చోవడం మర్యాద కాదని ఆ కంపెనీ పెద్దాయన అకియో మోరితా బెంగపడ్డాడు. ముప్ఫై ఏడేళ్లు గడిచాయి. 2016 సెప్టెంబర్ 7న యాపిల్ తన ఐఫోన్ 7లో ఉన్న ఒక్క రంధ్రాన్నీ పూడ్చేసింది. ఇలా ఎందుకు చేశామంటే ధైర్యం వల్ల, అని వేదిక మీద ఆ కంపెనీ ప్రతినిధి సెలవిచ్చాడు. రంధ్రం పూడ్చడానికి ధైర్యం కావాలని మనకు రోడ్లు వేసేవాళ్లకు ఎప్పుడో తెలుసు. అందుకే గుంతల జోలికి పోరు.

అసలు 2016ను తీసివేతల సంవత్సరంగా ప్రకటించి ఒకరోజు సెలవివ్వాలి. జులైలో, చివరిదాకా వీసీఆర్‌లు తయారుచేస్తూ వచ్చిన జపాన్ కంపెనీ ఫునాయ్ చేతులెత్తేసింది. సెప్టెంబర్ 5న జియో వచ్చి డేటాకి ధర తీసేసింది. కొన్ని నెలలకు ధర తిరిగొచ్చింది గానీ ఈలోపు పోయిన తీరిక మళ్లీ రాలేదు. రెండు రోజులకే యాపిల్ రంధ్రం తీసేసింది. నవంబర్ 8 రాత్రి ప్రభుత్వం ఐదొందలు, వెయ్యి నోట్లు తీసేసింది. నాలుగింటినీ భాయ్ ఒకే ఉత్సాహంతో స్వాగతించాడు. నాలుగోదాన్ని మాత్రం ఏటీఎం లైన్లో నిలబడి స్వాగతించాడు.

2020 అక్టోబర్‌లో ఐఫోన్ 12 డబ్బాలోంచి చార్జర్ పోయింది. భూగోళం కోసమట. మొదట దీన్ని వెక్కిరించిన పోటీ కంపెనీయే కొద్ది నెలలకు తన కొత్త ఫోన్ డబ్బాలోంచి కూడా చార్జర్ తీసేసింది. ఇప్పుడు భూగోళ రక్షణార్థం ఫోను ఒక డబ్బాలో, చార్జర్ ఇంకో డబ్బాలో, ఇంకో ధరకు, ఇంకో కొరియర్ బండి మీద వస్తోంది.

ఈ తెలివి మన మండీ హోటళ్లకు ఇంకా అబ్బలేదు. భాయ్ బోధలు చెవినపడి ఒక యజమాని ఫోన్ కంపెనీ లెక్కన ఆలోచించాడనుకోండి. మొదటి ఏడు టమాటా చట్నీ తీసేస్తాడు. పర్యావరణం కోసమని గోడకు బోర్డు పెట్టి, చట్నీని కౌంటర్ దగ్గర విడిగా అమ్ముతాడు. రెండో ఏడు ఎముకలు తీసేసి, పళ్లెం ఇంతకుముందెన్నడూ లేనంత తేలికైందని ప్రకటిస్తాడు. మూడో ఏడు పళ్లేనికి అంచు తీసేస్తాడు, అన్నం పరుపు మీద పడితే మీరు కూర్చున్న తీరే తప్పంటాడు. నాలుగో ఏడు పళ్లెం మీరు కొనుక్కోవాలి, అందులో అన్నానికి నెలవారీ చందా కట్టాలి. ముద్ద నోటి దగ్గరికి వచ్చేసరికి వెయిటర్ ప్రకటన చదువుతాడు, ఐదు సెకన్లయ్యాక "చాలు" అనొచ్చు. ఇంట్లో దాచుకున్న పాత పళ్లేనికి రాత్రిపూట అప్‌డేట్ వస్తుంది, తెల్లారేసరికి చిల్లు పడుతుంది. అలాంటి హోటల్‌కి మొదటి రోజే గాజు తలుపులు మిగలవు. ఫోన్ దుకాణం గాజు తలుపుల ముందు మాత్రం మనమే తెల్లవారుజామున లైన్ కడతాం.

మాటలు పంపుకునే వ్యవహారంలో తీసివేతలు ఇంకా లోతుగా జరిగాయి. ఉత్తరం రాయడం రానివాళ్లు, ఇంకొకరితో చదివించుకోవడం ఇష్టంలేనివాళ్లు ఖాళీ క్యాసెట్‌లో మాట నింపి, సెలవుకెళ్తున్నవాడి సంచీలో పెట్టి పంపిన రోజులున్నాయి. అరవై నిమిషాల క్యాసెట్‌లో ఒక పక్క అమ్మకు, ఇంకో పక్క భార్యకు. అమ్మ రెండు పక్కలూ వినేది. ప్రైవసీ సెట్టింగ్స్ ఆమె చేతిలో ఉండేవి. పక్కింటివాళ్లొస్తే మళ్లీ మొదటి నుంచి పెట్టేది, కొడుకు దగ్గిన చోట ఆపి "మందు వేసుకుంటున్నాడో లేదో" అనేది.

ఇప్పుడు దమ్మామ్‌లో ఉన్న కొడుకు వాట్సాప్‌లో రెండు నిమిషాల వాయిస్ మెసేజ్ పెడతాడు. 2021లో వచ్చిన సౌకర్యం పుణ్యమా అని ఇక్కడ దాన్ని రెండింతల వేగంతో వింటారు. వాడు ఏడ్చినా రెండింతల వేగంతోనే ఏడుస్తాడు. "టైమ్ సేవింగ్ అన్నా" అంటాడు భాయ్. ఆదా అయిన నిమిషంలో నాలుగు రీల్స్ పడతాయి. దుబాయ్‌లో ఉన్నవాడి పాట్లు వేరు. అక్కడ వాట్సాప్‌లో రాసుకోవచ్చు గానీ ఫోన్ కాల్ కలవదు. అక్కడి ప్రభుత్వం ఒప్పుకున్న యాప్‌లోనే మాట్లాడుకోవాలి. ఇంటర్నెట్‌కు సరిహద్దులు లేవని భాయ్ ఎప్పుడూ చెప్పే మాట. వీసా అక్కర్లేకుండా కదిలే వేలితో చెప్తాడు కాబట్టి చెల్లుతోంది.

మాట నింపి పంపిన ఆ పాత క్యాసెట్ ఎవరిదంటే, అది దాచిన బీరువా ఎవరిదో వాళ్లదే. ఇప్పుడు కొన్న పాట, కొన్న పుస్తకం ఎవరివి? 2009 జులైలో జార్జ్ ఆర్వెల్ నవల 1984 హక్కుల దగ్గర చిక్కొచ్చి, దాన్ని కొనుక్కున్న పాఠకుల కిండిల్‌లలోంచి అమెజాన్ చెప్పాపెట్టకుండా మాయం చేసింది, డబ్బు వెనక్కిచ్చింది. పాత రాతలను సర్కారు చెరిపేసే లోకం గురించి రాసిన నవలనే చెరిపేశారు. వ్యంగ్యం రాసుకు బతికేవాళ్ల పొట్టకొట్టడమంటే ఇదే. కాలిఫోర్నియాలో 2025 జనవరి 1 నుంచి ఒక చట్టం అమల్లోకి వచ్చింది. డిజిటల్ సినిమా, పుస్తకం, ఆట అమ్మేవాళ్లు, తామిచ్చేది సొంతహక్కు కాకుండా వాడుకునే లైసెన్సు మాత్రమే అయితే, ఆ సంగతి డబ్బు తీసుకునేముందే స్పష్టంగా చెప్పాలట. బార్కస్ లుంగీ దుకాణదారుకు ఇంకా ఇలాంటి చట్టం అవసరం పడలేదు. అమ్మిన లుంగీని అర్ధరాత్రి వచ్చి విప్పుకుపోయే వ్యాపారం ఆయనకు తట్టలేదు.

ఇక రీల్స్. 2020 జూన్ 29న ప్రభుత్వం టిక్‌టాక్‌ను నిషేధించింది. జులై 8న ఇన్‌స్టాగ్రామ్ ఇక్కడ రీల్స్ మొదలుపెట్టింది. మధ్యలో దేశానికి తొమ్మిది రోజుల తీరిక దొరికింది, ఏం చేశామో ఎవరికీ గుర్తులేదు. అప్పటి నుంచి ప్రతి వీడియోలోనూ బార్కస్ "ఎవరికీ తెలియని చోటు". ఆ ముక్క చెప్పడానికి బండి పెట్టుకునే జాగా దొరక్క అరగంట తిరిగినవాళ్లు, ఒకరి ఫ్రేమ్‌లో ఇంకొకరు పడకుండా పక్కపక్కన నిలబడి చెప్తారు. ముద్ద నోటికి చేరకముందే కళ్లు మూసి తలాడిస్తారు. రుచి ఆ తర్వాత నెమ్మదిగా వస్తుంది.

మండీ పళ్లేన్ని అంత వెడల్పుగా చేసింది చుట్టూ నలుగురు కూర్చోవడానికి. ఇప్పుడు దాన్ని ఒక్కడే ముందేసుకుని, గడియారం పెట్టుకుని మింగితే ఛాలెంజ్ అంటున్నారు. ముగ్గుర్ని తీసేశారు. సిద్ధాంతం ప్రకారం ఇదే మండీలో సరికొత్త మోడల్. తినే నలుగురి కోసం పెట్టిన పళ్లెం చుట్టూ ఇప్పుడు చూసే నాలుగు లక్షలమంది ఉన్నారని భాయ్ సమాధానం. వాళ్లలో ఒక్కడు కూడా "ఆ ముక్క నువ్వు తీస్కో" అని మన వైపు జరపడు.

ఈ కాలమ్‌ను కూడా భాయ్ చదవడు. ఏఐకి ఇచ్చి మూడు పాయింట్లలో చెప్పమంటాడు. అందులో మూడోది నేను రాయనిది ఉంటుంది. ఆయనకు నచ్చేది అదే.

అయితే మొన్న భాయ్ సిద్ధాంతానికి ఒక సవరణ వచ్చింది. పాతకాలం సామానుకు ఇప్పుడు మంచి గిరాకీ ఉందని తెలిసింది. క్యాసెట్లు, వైరున్న ఇయర్‌ఫోన్లు, బటన్ల ఫోన్లు, అన్నీ వింటేజ్. వీడియోల్లో తన వెనకాల గోడకు అలంకారంగా ఒక టూ-ఇన్-వన్ కావాలని, గల్లీ చివర ఖాలా ఇంటికి నన్ను వెంటపెట్టుకుని వెళ్లాడు. ఆమె భర్త గల్ఫ్ నుంచి తెచ్చిన టూ-ఇన్-వన్, జాలీగుడ్డ కింద, నేటికీ పాడుతోంది.

"ఖాలా, పాత సామాను. ఐదొందలిస్తా" అన్నాడు.

ఖాలా జాలీగుడ్డ తీసింది. "ఇది నెట్ లేకుండా పాడుతుంది బేటా. చార్జర్ అక్కర్లేదు, వైరు దానికే ఉంది. కరెంటు పోతే సెల్లులతో పాడుతుంది. ఇయర్‌ఫోన్ రంధ్రం ఎవరూ పూడ్చలేదు. నెలనెలా నాకేం కట్టక్కర్లేదు. తీసుకెళ్లాక నేను రాత్రిపూట వచ్చి లోపలి పాటలు చెరపను. ఇన్ని ఫీచర్లున్న మోడల్ నీ దగ్గర ఇంకోటి ఏదైనా ఉందా? ముప్ఫై వేలు."

భాయ్ కాసేపు ఆలోచించి, ఈఎంఐ ఉందా అని అడిగాడు.