పాప ముందే చెప్పింది

ఆస్టిన్ యూనివర్సిటీలో టవర్ ముందు మెట్లమీద నిలబడి చూస్తే కనుచూపు మేరలో మనిషి లేడు. 1937 నుంచి ఉన్న టవర్ అది, 307 అడుగుల ఎత్తు. మామూలు రోజుల్లో దాని కింద పిల్లలు గుంపులు గుంపులుగా నడుస్తుంటారు. ఆ సోమవారం పొద్దున మాత్రం మేం నలుగురమే. ఎక్కడో గడ్డి కోసే మిషన్ చప్పుడు వినిపిస్తోంది. ఒక తలుపు లాగాను, తాళం. ఇంకో భవనానికి వెళ్లాం, అక్కడా అంతే. బయటి నోటీసు బోర్డుమీద పోయిన వారం తాలూకు కాగితాలు గాలికి రెపరెపలాడుతున్నాయి.

"వీళ్లకీ ఈ వారమే స్ప్రింగ్ బ్రేక్ నాన్నా," అంది పాప. విసుక్కోలేదు. "డిసెంబర్లో చెప్పాను కదా."

నిజమే, చెప్పింది. భోజనాల దగ్గర కూర్చున్నప్పుడు చెప్పింది. నేను ఫోన్ చూసుకుంటూ "ఊఁ" అన్నాను. ఆ "ఊఁ" నాకు ఆ మెట్లమీద గుర్తొచ్చింది. అయినా ఆ పూట నా నోటి నుంచి "తప్పు నాదే" అన్న మాట రాలేదు. "భవనాలైనా చూద్దాం పద," అన్నాను. ఇప్పుడు తలుచుకుంటే సెలవు తేదీలు చూసుకోకపోవడం కన్నా ఆ మాటకే ఎక్కువ సిగ్గుపడుతున్నాను.

ఇది 2025 మార్చి సంగతి. మాది డాలస్ పక్కన ఫ్రిస్కో. పాప అప్పుడు పదకొండో క్లాసు, ఆ ఏడాది చివర్లో కాలేజీలకు అప్లికేషన్లు పెట్టాలి. న్యూజెర్సీలో ఉన్న నా స్నేహితుడు అంతకు ముందు ఏడు వాళ్లబ్బాయిని తీసుకుని కాలేజీలన్నీ తిరిగొచ్చాడు. క్లాసులు చూశామన్నాడు, క్యాంటీన్లో పిల్లలతో కలిసి తిన్నామన్నాడు, ఎంతో మెచ్చుకున్నాడు. అక్కడ స్కూలు పిల్లలకి సెలవులు ఏప్రిల్లో, ఈస్టర్ చుట్టుపక్కల వస్తాయి. అప్పటికి కాలేజీలు మార్చి సెలవులు ముగించుకుని నడుస్తుంటాయి. టెక్సస్‌లో అలా కుదరదు. ఇక్కడ స్కూళ్లకీ పెద్ద కాలేజీలకీ సెలవు దాదాపు ఒకేసారి, మార్చి నడిమి వారంలో. తేదీలు ఎవరి వెబ్‌సైట్లో వాళ్లు పెట్టే ఉంచారు. నేను చూడలేదు. స్నేహితుడు చెప్పిన మాటే నాకు వేదమైంది, ఇంట్లో పిల్ల చెప్పింది చెవికెక్కలేదు.

నేను చూసుకున్నదల్లా నా ఎక్సెల్ షీటు. ఫ్రిస్కో నుంచి ఐ-35 మీద వేకో, ఆస్టిన్, అక్కడి నుంచి కాలేజ్ స్టేషన్, హ్యూస్టన్, తిరిగి ఐ-45 మీద ఇంటికి. దగ్గర దగ్గర 700 మైళ్లు, ఐదు రోజులు. ఒక్కో కాలేజీకీ ఒక వరస: ర్యాంకు ఎంత, కంప్యూటర్ సైన్స్ ర్యాంకు ఎంత, ఫీజు ఎంత, బయటికొచ్చాక జీతం ఎంత. అరగంట అరగంటకి ఎక్కడ ఉండాలో కూడా రాసుకున్నాను. ఆ షీటు నా దగ్గర ఇంకా ఉంది. దాన్లో పాపకి ఏం కావాలో రాసిన గడి ఒక్కటీ లేదు.

నేను ర్యాంకుల మధ్య పెరిగినవాణ్ణి. 1997లో ఎంసెట్ రాశాను. ర్యాంకును బట్టి కాలేజీ, కాలేజీని బట్టి బతుకు అని మా కదిరి పక్క పల్లెలో అందరూ నమ్మేవాళ్లు, నేనూ నమ్మాను. సరిగ్గా ఆ 1997లోనే టెక్సస్‌లో ఒక చట్టం వచ్చింది. హైస్కూలు క్లాసులో మొదటి పది శాతంలో ఉన్న పిల్లలకి రాష్ట్ర ప్రభుత్వ యూనివర్సిటీల్లో సీటు ఖాయం అని. తర్వాత ఆస్టిన్ యూనివర్సిటీకి రద్దీ పెరిగి, దానికి మాత్రం ఆ శాతం తగ్గుతూ వచ్చింది. 2026లో చేరే పిల్లలకి ఐదు శాతమే. మా పాప ఆ ఐదు శాతంలో ఉంది. ఇంకేం, సీటు వచ్చేసినట్టే, అదీ కంప్యూటర్ సైన్స్‌లోనే అనుకున్నాను. ఊళ్లో తెలుగువాళ్లందరికీ చెప్పాను. పాప పక్కనుండగానే చెప్పాను.

ఆ ప్రయాణంలో ఒక కాలేజీవాళ్లు సెలవుల్లోనూ తల్లిదండ్రుల కోసం ఒక సమావేశం పెట్టారు. అరవై డెబ్భైమంది ఉన్న ఆ గదిలో నేను లేచి నిలబడ్డాను. "మా అమ్మాయి టాప్ ఫైవ్ పర్సెంట్. కంప్యూటర్ సైన్స్ సీటు ఖాయమే కదా?" అని అడిగాను. అక్కడున్నావిడ మర్యాదగానే చెప్పింది. చట్టం హామీ ఇచ్చేది యూనివర్సిటీలో ప్రవేశానికే, కోరిన కోర్సుకి కాదు. కోర్సు సంగతి వేరుగా చూస్తారు, దానికి పిల్ల రాసిన వ్యాసాలు, చేసిన పనులు అన్నీ లెక్కకొస్తాయి. చెప్పి, ఆవిడ పాప వైపు తిరిగింది. "నువ్వేం చదవాలనుకుంటున్నావు?"

పాప నోరు తెరిచేలోపు నేనే "కంప్యూటర్ సైన్స్" అన్నాను.

పాప కుర్చీలో కిందికి జారలేదు, ముఖం తిప్పుకోలేదు. ఒళ్లో పెట్టుకున్న నోటుబుక్కు మూసి, పెన్ను దాని తీగ చుట్టలోకి దూర్చింది. నిదానంగా దూర్చింది, మళ్లీ తీసే పని లేనట్టు. మా ఆవిడ నా వైపు చూసింది. ఆ చూపుకి అర్థం నాకు అప్పుడే తెలిసింది, కానీ తెలియనట్టు కూర్చున్నాను.

ఆస్టిన్‌లో పాప నన్ను రెండే రెండు అడిగింది. ఒకటి, జాక్సన్ స్కూల్ ఆఫ్ జియోసైన్సెస్ భవనాన్ని బయటి నుంచైనా చూడాలని. నేను గేట్స్, డెల్ పేర్లతో ఉన్న కంప్యూటర్ సైన్స్ భవనం చుట్టూ, తాళాలు వేసి ఉన్నా సరే, రెండుసార్లు తిప్పాను. అక్కడి నుంచి జాక్సన్ భవనం నాలుగడుగులే. వెళ్లలేదు. రెండోది, ఊళ్లోనే ఉన్న బార్టన్ స్ప్రింగ్స్. భూమిలోంచి నీళ్లు ఉబికి వచ్చే పెద్ద కొలను. "మనం పిక్నిక్‌కి రాలేదమ్మా, మూడింటికల్లా కాలేజ్ స్టేషన్ దారి పట్టాలి," అన్నాను.

మధ్యలో బయాలజీ భవనం పక్కన తాబేళ్ల కొలను ఉంటే పిల్లలు ఆగారు. రాళ్లమీద తాబేళ్లు మెడలు చాపుకుని ఎండ కాగుతున్నాయి. తమ్ముడు వాటిని లెక్కపెడుతుంటే పాప నీళ్లు ఎక్కణ్ణించి వస్తున్నాయో, ఎటు పోతున్నాయో వంగి వెతుకుతోంది. నేను వాచీ చూసుకున్నాను.

కాలేజ్ స్టేషన్ గురించి పెద్దగా చెప్పడానికేం లేదు. అక్కడిది 1876లో మొదలైన కాలేజీ, ఇప్పుడు డెబ్భై వేలు దాటిన విద్యార్థులు, లక్షమంది పట్టే స్టేడియం. యుద్ధాల్లో చనిపోయిన తమ విద్యార్థుల పేరు మీద కట్టిన భవనం చుట్టూ గడ్డిమీద ఎవరూ కాలు పెట్టరు. అది మాత్రం నాకు బాగా నచ్చింది.

ఆ రాత్రి మోటెల్లో పిల్లలు పడుకున్నాక మా ఆవిడ అడిగింది. "పాప బల్లమీద ఆరు చిన్న మందు సీసాలుంటాయి, ఎప్పుడైనా చూశారా?"

చూశాను. ఆరేళ్లుగా ఆ గదిలోకి వెళ్లినప్పుడల్లా చూస్తూనే ఉన్నాను. వాటిలో రాతి ముక్కలుంటాయి. మా ఊరి గుర్తుగా పెట్టుకుంది అనుకున్నాను.

2019 ఎండాకాలం మేం ఊరికి వెళ్లినప్పుడు నాయన చేన్లో బోరు వేయించాడు. టెంకాయ అరచేతిలో పెట్టుకుని తిరిగే మనిషి పాయింటు చూపించాడు. రాత్రి బోరు లారీ వచ్చింది. రాడ్డు మీద రాడ్డు దిగుతుంటే బయటికొచ్చిన పొడినీ ముక్కల్నీ పనివాళ్లు కుప్పలుగా వేస్తూ పోయారు. మొదట మొరం, తర్వాత బూడిద రంగు రాయి, ఇంకా కిందికి తెలుపూ నలుపూ చుక్కల రాయి. 720 అడుగులు దిగినా దుమ్మే లేచింది, తడి తగల్లేదు. నాయన తువ్వాలు ముఖానికి అడ్డం పెట్టుకుని గట్టుమీద కూర్చున్నాడు. అప్పుల లెక్క వేసుకుంటూ నేను ఆ పక్కనే ఉన్నాను. పాపకి పదకొండేళ్లు. ఒక్కో కుప్ప నుంచి రెండు మూడు రాళ్లు ఏరి, కడిగి ఆరబెట్టి, తాత ఖాళీ మందు సీసాల్లో వేసుకుందట. ఒక్కో మూత మీద అడుగుల లెక్క రాసుకుందట. 40, 110, 200, 380, 550, 720. నీళ్లు ఎందుకు పడలేదో తెలుసుకోవాలని ఆ రోజు నుంచీ చదువుతూనే ఉందట. భూగర్భ జలాల చదువు చదవాలని వాళ్లమ్మకి చెప్పింది. నాకూ చెప్పింది. "ముందు సీఎస్ సీటు రానీ, తర్వాత చూద్దాం," అన్నానట. ఆ మాట అన్నట్టు కూడా నాకు గుర్తులేదు.

బయటికొచ్చి కారు దగ్గర నిలబడి నాయనకి ఫోన్ చేశాను. మాకు రాత్రి తొమ్మిదిన్నర, ఊళ్లో పొద్దున ఎనిమిది. ఎప్పుడూ పిల్లలకి గొప్పగా చెప్పుకునే సంగతే ఆయనతోనూ అన్నాను. ఎంసెట్ కౌన్సెలింగ్‌కి హైదరాబాదు దాకా బస్సులో తోడు వచ్చి కూడా ఆయన లోపలికి రాలేదు. గేటు బయట అరుగుమీద కూర్చుని "నీకేది కావాలంటే అది తీసుకో పో" అన్నాడు. "ఆ రోజు నువ్వు నాకు స్వేచ్ఛ ఇచ్చినావు నాయనా," అన్నాను.

ఆయన కాసేపు మాట్లాడలేదు.

"స్వేచ్ఛ ఏంది రా. నాకు భయమైంది. నాకేం తెలుస్తాది ఆ కోర్సులు? లోపలికొస్తే నోరూరుకోక ఏదో ఒకటి అంటా. తెలీనోడు మాట్లాడితే పిల్లోని బతుకు పాడయితాది. అందుకే ఆడ కూచున్యా."

కాసేపాగి ఆయనే అడిగాడు. "నీకు తెల్సా రా, ఆడ చదువుల సంగతి?"

తెలుసు అనబోయి ఆగిపోయాను. నాకు తెలిసింది ఎమ్మెస్. 2001లో కాలేజీ పంపిన ఐ-20 కాగితం చేత్తో పట్టుకుని, అంతకు ముందు ఫొటో కూడా చూడని కాలేజీకి వచ్చి చేరాను. ఇక్కడ పద్దెనిమిదేళ్ల పిల్లలు కాలేజీలో ఎలా చేరతారో, మొదటి ఏడు ఎలా గడుపుతారో నేను బతికి చూసింది కాదు. ఇరవై నాలుగేళ్లు ఈ దేశంలో ఉన్నాను కాబట్టి అంతా తెలుసనుకున్నాను. పాప ఈ నేలమీద కిండర్‌గార్టెన్ నుంచి చదువుకుంది. కౌన్సెలర్‌తో మాట్లాడుకుంది, తేదీలు చూసుకుంది, చట్టం చదువుకుంది. ఇంట్లో తెలిసిన మనిషి ఒక్కతే ఉంది, ఆ పిల్ల మాట తప్ప అందరి మాటా విన్నాను.

"తెలీదు నాయనా," అన్నాను.

"అయితే అడుగు. పాపనడుగు," అని పెట్టేశాడు.

పొద్దున టిఫిన్ దగ్గర పాపతో చెప్పాను. సెలవుల సంగతి నువ్వు చెప్పావు, నేను వినలేదు. కోర్సు సంగతి చెప్పావు, వినలేదు. నిన్న నిన్నడిగిన ప్రశ్నకి నేను జవాబు చెప్పాను, అలా చెప్పడం తప్పు. వాళ్ల తమ్ముడు వాఫిల్ మీద సిరప్ పోసుకోవడం ఆపి నా వైపు చూశాడు. పాప కళ్లు నిండాయి. "ఇట్స్ ఓకే నాన్నా" అంది. ఓకే కాదని ఇద్దరికీ తెలుసు. "ఇవాళ ఎక్కడికి పోదాం?" అని అడిగాను.

హ్యూస్టన్ మానుకున్నాం. వచ్చిన దారినే వెనక్కి, రెండు గంటలు. దారి పక్కన బ్లూబానెట్లు అప్పుడప్పుడే పూస్తున్నాయి, అక్కడొక గుంపు, ఇక్కడొక గుంపు. ముందు రోజు కూడా పూసే ఉంటాయి.

బార్టన్ స్ప్రింగ్స్‌లో టికెట్ కొని దిగే కొలను వేరు. దాని కట్ట దాటి నీళ్లు పొర్లిపోయే చోట ఎవరైనా కూర్చోవచ్చు. నలుగురం ప్యాంట్లు మడుచుకుని రాళ్లమీద కూర్చున్నాం. నీళ్లు జివ్వుమన్నాయి. ఎండాకాలమైనా చలికాలమైనా ఇంతేనట, ఇరవై డిగ్రీల దగ్గర. పాప నోటుబుక్కు తీసింది. నైరుతి వైపు కొండల్లో పడిన వాన వాగుల్లో పారుతూ, వాగు అడుగున ఉన్న పగుళ్లలోంచి కిందికి దిగిపోతుంది. కింద ఉన్నది సున్నపురాయి. నీళ్లకి కరిగి కరిగి అందులో సొరంగాల్లాంటి దారులు పడ్డాయి. ఆ దారుల్లో వచ్చి ఇక్కడ పైకి ఉబుకుతుంది. ఎక్కడెక్కడో వాగుల్లో రంగు కలిపి చూస్తే కొన్నిచోట్ల నుంచి రోజుల్లోనే ఇక్కడికి వచ్చి తేలిందట. బొమ్మ గీసి చూపించింది. పెన్సిల్ గీతలు తడి వేలు తగిలి చెరిగితే మళ్లీ గీసింది.

"మన ఊళ్లో ఎందుకు రాదు మరి?" అని అడిగాను. ఆ ఊళ్లో పుట్టి పెరిగి నలభై అయిదేళ్లొచ్చిన నేను ఈ ప్రశ్న ఎవర్నీ ఎప్పుడూ అడగలేదు.

పాప కొత్త పేజీ తిప్పింది. "అక్కడ గ్రానైట్ నాన్నా. అది ఇలా కరగదు. నీళ్లు ఆగేది పైన మెత్తబడిన రాయిలో, దాని కింద పగుళ్లు ఉంటే ఆ పగుళ్లలో. పగులు తగిలితే నీళ్లు, తగలకపోతే ఎంత లోతుకి పోయినా దుమ్మే. తాత సీసాల్లో 110 అడుగుల రాయి చూడు, కొంచెం తుప్పు రంగుంటుంది. అంటే అక్కడ ఒకప్పుడు నీళ్లు తిరిగాయి. 720ది చూస్తే..."

"ఉండు," అన్నాను. "మొదట్నించి చెప్పు. 40 అడుగుల నుంచి."