ఓనరమ్మగారి డ్రైవరు

నేపాల్ వెళ్లడానికి మనకు వీసా అక్కర్లేదు. 1950లో రెండు దేశాలూ చేసుకున్న ఒప్పందం పుణ్యమా అని మనవాళ్లు అటూ, వాళ్లు ఇటూ ఇష్టం వచ్చినప్పుడు తిరగొచ్చు. జేబులో ఓటరు కార్డో పాస్‌పోర్టో ఉంటే చాలు. అదీ అడిగినప్పుడే. కారుకు మాత్రం ఈ సౌకర్యం లేదు. దానికి పర్మిట్ కావాలి. రోజుకింతని సుంకం కట్టాలి. ఎన్నాళ్లుంటుందో ముందే చెప్పాలి, గడువులోగా వెనక్కి తోలుకుపోవాలి. హైదరాబాద్ నుంచి నాగ్‌పూర్, జబల్‌పూర్, వారణాసి, గోరఖ్‌పూర్ మీదుగా నడుం పడిపోయేలా తోలుకొచ్చిన మనిషిని మాత్రం నువ్వెవరని అడిగే నాథుడుండడు.

మా విషయంలో ఇంకో చిక్కు ఉంది. బండి నాది కాదు. మా ఆవిడ బ్యాంకులో పనిచేస్తుంది. స్టాఫ్ లోనైతే వడ్డీ తక్కువ కాబట్టి ఆర్‌సీ ఆవిడ పేరున ఉంది. హైదరాబాద్‌లో ఈ సంగతి మూడో కంటికి తెలియదు. సర్వీసింగ్‌కి తీసుకెళ్లేది నేను, టైర్లలో గాలి చూసేది నేను, అపార్ట్‌మెంట్ పార్కింగ్‌లో గీత పడితే వాచ్‌మన్‌తో పోట్లాడేదీ నేనే. చలాన్లు మాత్రం ఆవిడ ఫోనుకి వెళ్తాయి. ఆ తర్వాత ఇంట్లో జరిగే విచారణ గురించి ఇక్కడెందుకు లెండి.

2024 మే నెల. మనకు ఓట్ల పండగ 13వ తేదీన అయిపోయింది. మా అత్తగారికి పశుపతినాథుణ్ని చూడాలని ఎప్పట్నుంచో కోరిక. విమానంలో వెళ్దామంటే, "దేవుడి దగ్గరికి గాల్లో వెళ్తే పుణ్యమేం వస్తుంది బాబూ" అన్నారు. పుణ్యం ఆవిడకి, డ్రైవింగ్ నాకు.

ముందుగా ఇన్సూరెన్స్. మన కారు పాలసీ మామూలుగా మన దేశం వరకే పనిచేస్తుంది. అదనపు ప్రీమియం కడితే పొరుగు దేశాలకూ పొడిగిస్తారు. ఆ పొడిగింపు వర్తించే దేశాల జాబితా చదివితే నాకు మతిపోయింది. బంగ్లాదేశ్, భూటాన్, నేపాల్, పాకిస్థాన్, శ్రీలంక, మాల్దీవులు. మాల్దీవుల్లో నా కారు గుద్దుకున్నా పరిహారం ఇస్తారట! అక్కడికి ఎలా చేరుతుందని ఏజెంటుని అడిగాను. అదే పేజీలో కింద చూడమన్నాడు. చూశాను. ఓడలోగానీ విమానంలోగానీ వెళ్తుండగా బండికేమైనా అయితే వాళ్లకు సంబంధం లేదట. అంటే కారు ఈదుకుంటూ వెళ్లి ఒడ్డెక్కితే, అక్కణ్నుంచి కంపెనీ చూసుకుంటుంది.

తర్వాత డబ్బు. 2018 డిసెంబరులో నేపాల్ ప్రభుత్వం వంద రూపాయలకు మించిన మన నోట్లు చెల్లవని చెప్పేసింది. అందుకని మా ఆవిడ బ్యాంకు నుంచి నలభై వేలకు వంద నోట్ల కట్టలు తెచ్చింది. నాలుగు కట్టలు, సీలు తియ్యనివి. ఇప్పుడు పాఠకులు కాస్త ఊహించుకోవాలి. ఎన్నికల కోడ్ ఉంది. మనకు పోలింగ్ అయిపోయింది గానీ తూర్పు ఉత్తరప్రదేశ్‌లో చాలా చోట్ల జూన్ 1న. ఆ వేడిలో మీర్జాపూర్ దాటాక, తెలంగాణ నంబర్ ప్లేటుతో, చూపుడు వేళ్ల మీద సిరా గుర్తులతో, చేతిసంచిలో వంద నోట్ల కట్టలతో మేం ముగ్గురం చెక్‌పోస్టు దగ్గర ఆగాం.

సంచి విప్పిన అధికారికి మొహం వెలిగిపోయింది. పాపం ఎండలో పొద్దుట్నుంచీ ఖాళీ డిక్కీలు చూసీ చూసీ ఉన్నాడు. నేపాల్ సంగతంతా విడమరిచి చెప్పాను. యాభై వేలు దాటితేనే లెక్కలు చూపించాలి, మాది నలభయ్యే అన్నాను. మా ఆవిడ బ్యాంకు విత్‌డ్రాయల్ స్లిప్ తీసి చూపించింది. అతను ఒక కట్టని బొటనవేలితో గలగలలాడించి, మా వేళ్ల మీది సిరా చూసి, "మీ వైపు ఓటుకు వందేనా? నేను చాలా ఎక్కువని విన్నానే" అన్నాడు. మా అత్తగారికి హిందీ రాదు గానీ 'ఓటు', 'సౌ' అనే రెండు మాటలు పట్టుకున్నారు. సిరా వేలు పైకెత్తి, "మాకు పైసా ముట్టలేదు నాయనా. ఎదురింటి వాళ్లకి మాత్రం ఇచ్చారు" అని తెలుగులోనే వాంగ్మూలం ఇచ్చేశారు. అనువాదం అడిగాడు. ఆవిడ పశుపతినాథుణ్ని తలుచుకుంటున్నారని చెప్పాను.

గోరఖ్‌పూర్ దాటి, ఫరేందా, నౌతన్వా మీదుగా సొనౌలీ చేరేసరికి రోడ్డు పక్కన లారీలు కొండవీటి చేంతాడంత నిలబడి ఉన్నాయి. కార్లకు వేరే దారి వదిలారు. ఆ పక్కనే చెట్టు నీడన గోదావరి జిల్లాల నుంచి వచ్చిన యాత్రా బస్సొకటి ఆగి ఉంది. వంటమనిషి గ్యాస్ పొయ్యి వెలిగించి ఉప్మా కలుపుతున్నాడు. మా ప్లేటు చూసి ఒక పెద్దావిడ దగ్గరికొచ్చింది.

"టీఎస్ అంటే మన హైదరాబాదేనాండీ? ఇప్పుడు టీజీ అంటున్నారు కదా?"

"అది కొత్త బళ్లకమ్మా. మాది పాతది."

"అంత దూరం నువ్వే తోలావా బాబూ? డ్రైవర్ని పెట్టుకోలేదా?"

లేదన్నాను. "అయ్యో పాపం" అని ఆకు నిండా ఉప్మా పెట్టించింది. ఆ ప్రయాణం మొత్తంలో నా గురించి జాలిపడిన మనిషి ఆవిడొక్కతే.

గేటు దాటితే బెలహియా. అడుగు తీసి అడుగు వేసేలోపు గడియారం పదిహేను నిమిషాలు ముందుకెళ్లిపోతుంది. నేపాల్ సమయం మనకంటే ఆ పావుగంట ఎక్కువ. మాది ఆదివారం, వాళ్లకది పనిదినం. అప్పట్లో వాళ్ల సెలవు శనివారం. గేటు దగ్గర ఒకతను కారులోకి తొంగి చూసి చెయ్యూపాడు. గుర్తింపు కార్డులు ఎవరూ అడగలేదు. అరవై అయిదు దాటినవాళ్లకు ఆధార్ కూడా పనికొస్తుందని తెలిసి మా అత్తగారు ప్రత్యేకంగా లామినేషన్ చేయించుకుని వచ్చారు. దాన్ని ఎవరూ చూడకపోవడం ఆవిడకి చాలా అవమానంగా తోచింది. కిటికీలోంచి చెయ్యి చాపి, "చూడు నాయనా, చూడు" అన్నారు. అతను నమస్కారం పెట్టాడు.

కారుని మాత్రం భన్సార్ దగ్గర ఆపేశారు. భన్సార్ అంటే కస్టమ్స్ ఆఫీసు. ఒక కిటికీలో ఫారం, ఇంకో కిటికీలో డబ్బు, మరో చోట ముద్ర. ఫారం నింపిపెడతామంటూ బయట నలుగురు చుట్టుముట్టారు. నాకు చదువొచ్చని చెప్పి, నా అంతట నేనే నింపి, క్యూలో నిలబడి, కాగితాలన్నీ లోపలికి తోశాను. కిటికీ అవతలి ఆయన ఆర్‌సీ మీది పేరు చదివాడు. నా మీసం చూశాడు. మళ్లీ పేరు చదివాడు.

"ఇది మీ పేరేనా?"

"కాదు సార్, మా ఆవిడది."

"మాలిక్‌ని పిలవండి."

మా ఆవిడ వచ్చింది. ఆయన లేచి నిలబడి, "దీదీ" అంటూ లోపలికి పిలిచి కుర్చీ వేయించాడు. నేను కిటికీ బయటే. ఫారంలో యజమాని అనే చోట నేను రాసుకున్న పేరుని కొట్టేసి, కింద 'చాలక్' అనే చోట రాశాడు. పోనీలే, ఎక్కడో అక్కడ ఉన్నాను కదా అనుకున్నాను. లోపల సంభాషణ నాకు వినపడుతూనే ఉంది.

"డ్రైవర్ మీ దగ్గర ఎన్నాళ్ల నుంచి ఉన్నాడు దీదీ?"

"పదిహేనేళ్లు దాటింది."

"నమ్మకస్తుడేనా?"

"ఇంకా చూస్తున్నాం."

ఆవిడకి టీ వచ్చింది. ఎన్ని రోజులకు పర్మిట్ కావాలని అడిగాడు. అప్పట్లో కారుకు రోజుకు నేపాలీ రూపాయల్లో ఐదారొందలు. మన వంద వాళ్ల నూట అరవై. ఏళ్ల తరబడి ఆ లెక్క మారలేదు. మా ఆవిడ నోటితోనే లెక్క కట్టేసి, కారుకు ఎన్ని తక్కువ రోజులు సరిపోతాయో అన్నే రాయించింది. అక్కణ్నుంచి మా యాత్ర కారు పర్మిట్ ప్రకారం నడిచింది. పోఖరాలో ఫేవా సరస్సు ముందు ఇంకాసేపు కూర్చుందామంటే, "కారుకి టైమైపోతోంది" అనేది. మనం ఉండొచ్చు, కారు ఉండకూడదు.

పర్మిట్ చేతికొచ్చాక మా అత్తగారు కళ్లజోడు పెట్టుకుని గడువు తేదీ చదివారు. వాళ్లది విక్రమ సంవత్సరం, మన లెక్క కంటే యాభై ఆరో యాభై ఏడో ఏళ్లు ముందుంటుంది. కాగితం మీద జ్యేష్ఠ మాసం, 2081 అని ఉంది. ఆవిడ తృప్తిగా కళ్లజోడు తీసి, "ఇంకా బోలెడు టైముంది. మెల్లగా పోనివ్వండి అల్లుడుగారూ" అన్నారు.

మెల్లగా పోనివ్వమని ఎవరూ చెప్పక్కర్లేదు, రోడ్డే చూసుకుంటుంది. బుట్వల్ నుంచి నారాయణ్‌గఢ్ దాకా దాదాపు 115 కిలోమీటర్ల రోడ్డుని అప్పటికే ఏళ్ల తరబడి వెడల్పు చేస్తూ ఉన్నారు. తిరుగు ప్రయాణంలో ఆ దారినే వచ్చాం. దౌన్నే ఘాట్ దగ్గర ముందు వెళ్తున్న బస్సు కనపడలేదు, దాని దుమ్ము మాత్రం కనపడింది. మా తెల్ల కారు ఏ రంగుదో ఆర్‌సీ చూసి నమ్మాల్సిన స్థితికి వచ్చింది.

బుట్వల్‌లో ఒక ట్రాఫిక్ పోలీసు ఆపి బ్లూబుక్ అడిగాడు. వాళ్ల ఆర్‌సీ పుస్తకం పేరది. మన కార్డు చూపిస్తే అటూ ఇటూ తిప్పి, నాతో కాకుండా మా ఆవిడతో, ఇండియాలో ఈ బండి ఎంత అని అడిగాడు. చెప్పింది. అతను కాసేపు మాట్లాడలేదు. నేపాల్‌లో పెట్రోలు కారుకు పన్నులే కారు ధరను మించిపోతాయి. మనం ఈఎంఐల గురించి ఏడుస్తూ కొనే మామూలు హ్యాచ్‌బ్యాక్ అక్కడ హోదా. అతను బానెట్ మీది దుమ్ములో వేలితో చిన్న గీత గీసి, లోపలి తెలుపు చూసి, "జాగ్రత్తగా నడుపు" అని నాకు చెప్పాడు. బండి మీద బెంగతో చెప్పిన మాటది.

దారంతా కనపడినట్టే అక్కడి టీ కొట్లోనూ క్యూఆర్ కోడ్ కనపడింది. ఆ మార్చి నుంచే మన యూపీఐ నేపాల్‌లో పనిచేస్తోందట. మా ఆవిడ ఫోను తీసి కట్టేసింది. మీర్జాపూర్‌లో మమ్మల్ని ముద్దాయిల్ని చేసిన నాలుగు కట్టలూ సంచిలో సీలు తియ్యకుండానే ఉన్నాయి. పెట్రోలు బంకులోనూ ఆవిడే కట్టింది. ఆ పెట్రోలు మన దేశం నుంచే వెళ్తుంది. డీజిల్ కోసమైతే బిహార్‌లోని మోతిహారి నుంచి అమ్లేఖ్‌గంజ్ దాకా 2019లో ఏకంగా పైప్‌లైనే వేశారు. నేనెండలో భన్సార్ క్యూలో నిలబడ్డ గంటలో నేల కింద ఎంత డీజిల్ సరిహద్దు దాటేసిందో!

కాఠ్మాండూ గురించి ఒక్క మాట. 2017 ఏప్రిల్‌లో, వాళ్ల కొత్త సంవత్సరం రోజు నుంచి ఆ లోయలో హారన్ నిషేధించారు. అమీర్‌పేట సిగ్నల్లో పచ్చదీపం పడకముందే హారన్ కొట్టే చెయ్యి నాది. అడ్డంగా బైకులు దూసుకొస్తుంటే బొటనవేలు దానంతటదే లేచేది. పక్క సీట్లోంచి, "ఫైన్ నా పేరు మీద పడుతుంది" అని వినపడేది. వేలు దిగేది. హారన్ లేకుండా నా కోపం ఎలా తీర్చుకోవాలో తెలియక, అద్దం దించి తెలుగులో తిట్టాను. ఎవరికీ అర్థం కాలేదు. అందరూ నవ్వారు. నాకే సిగ్గేసింది.

పశుపతినాథుడి దర్శనం మా అత్తగారికి తృప్తిగా జరిగింది. ఇంకో రోజుందామన్నారు. ఆవిడ కూతురు పర్మిట్ తీసి చూపించింది.

"2081 కదే?"

"అమ్మా, ఇక్కడ ఇప్పుడు 2081."

ఆవిడ నేపాలీల తొందరపాటు గురించి గోరఖ్‌పూర్ దాకా మాట్లాడుతూనే ఉన్నారు.

మీలో ఎవరైనా వెళ్తే నాలుగు మాటలు గుర్తుపెట్టుకోండి. ఇన్సూరెన్స్ పొడిగింపు బయల్దేరే ముందే చేయించుకోండి, సరిహద్దులో ఎవరూ ఇవ్వరు. మన నోటు ఎంతవరకు చెల్లుతుందో ఆ వారంలోనే కనుక్కోండి, ఆ నిబంధన మారుతూ ఉంటుంది. పర్మిట్ రోజులు ఒకటి ఎక్కువే రాయించుకోండి, పెద్దవాళ్లు వెంట ఉంటే రెండు. అన్నిటికంటే ముందు ఆర్‌సీ తీసి ఎవరి పేరుందో చూడండి. ఆ మనిషిని వెంట తీసుకెళ్లండి, కుదరకపోతే సంతకం పెట్టిన అనుమతి పత్రమైనా పట్టుకెళ్లండి. మామగారి పేరున ఉంటే ఇవాళే బతిమాలడం మొదలుపెట్టండి.

మా ఆవిడ కారు వచ్చే డిసెంబరులో భూటాన్ వెళ్తోంది. డ్రైవరుగా మళ్లీ నన్నే ఖాయం చేసింది.